ప్రిమకోవ్ దారి: ఈజిప్టు విలేఖరి నుంచి రష్యా ప్రధాని దాకా

మొన్నటి సంచికలో యెవ్గేనీ ప్రిమకోవ్ గురించి చిన్న పెట్టె ఒకటి వేశాం. సోవియట్ యూనియన్ కూలిన రోజుల్లో గూఢచార శాఖ అధిపతి, తర్వాత విదేశాంగ మంత్రి, ఆపైన ప్రధాని అయ్యాడని నాలుగు లైన్లలో చెప్పి ఊరుకున్నాం. దానికి ప్రశ్నలు చాలానే వచ్చాయి. ఒకే తరహావి కలిపేసి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న (వరంగల్): ప్రిమకోవ్ కూడా పుతిన్‌లాగే సోవియట్ గూఢచార, భద్రతా సంస్థ కేజీబీలో చిన్న అధికారిగా చేరి మెట్టు మెట్టుగా పైకి వచ్చాడా?

లేదు. పోటీ పరీక్షల నోట్సుల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. 1991 సెప్టెంబరు చివర్లో గూఢచార శాఖ పగ్గాలు పట్టేనాటికి ఆయనకు 61 ఏళ్లు దాటాయి. పేరు తెచ్చిపెట్టింది అరబ్బు దేశాల మీద పట్టు.

1929 అక్టోబరు 29న కీవ్‌లో పుట్టాడు, పెరిగింది జార్జియా రాజధాని తిబిలిసీలో. 1953లో మాస్కో ప్రాచ్య అధ్యయన సంస్థ నుంచి అరబిక్‌తో పట్టా తీసుకున్నాడు. కొన్నాళ్లు రేడియోలో చేసి, 1962లో కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రావ్దాకు మారాడు. ఆ దశకం రెండో సగమంతా కైరోలో విలేఖరి. సద్దాం హుసేన్ ఇంకా ఇరాక్ అధ్యక్షుడు కాని రోజుల్లో, 1969లోనే, ఆయనతో పరిచయం ఏర్పడింది. 1970 తర్వాత పరిశోధన వైపు మళ్లాడు. 1977 నుంచి 1985 దాకా ప్రాచ్య అధ్యయన సంస్థకు, తర్వాత 1989 దాకా ఇమెమో అనే ప్రపంచ ఆర్థిక, అంతర్జాతీయ సంబంధాల సంస్థకు డైరెక్టర్. ఈ రెండూ సర్కారుకు సలహాలిచ్చే పెద్ద మేధో కేంద్రాలు. అక్కడ పనిచేసే మనిషికి పార్టీ కేంద్ర కమిటీతోనూ, నిఘా వర్గాలతోనూ రాకపోకలు సహజం. అంతమాత్రాన ఆయన యూనిఫాం మనిషి అయిపోడు.

1989లో సోవియట్ నాయకుడు గోర్బచెవ్ ఆయన్ను పార్లమెంటు, అంటే సుప్రీం సోవియట్, రెండు సభల్లో ఒకదానికి అధ్యక్షుణ్ణి చేయించాడు. ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక, 1990 అక్టోబరులో బాగ్దాద్‌కు దూతగా వెళ్లింది కూడా ప్రిమకోవే. 1991 ఫిబ్రవరిలో, బాంబులు పడుతుండగా, మళ్లీ వెళ్లాడు. యుద్ధం ఆగలేదు. కానీ సద్దాంతో ఎదురుగా కూర్చుని మాట్లాడగల సోవియట్ నాయకుడు ఈయనేనని అందరికీ తెలిసిపోయింది.

ప్రశ్న (అనంతపురం): అంతటి కేజీబీని ముక్కలు చేశారు కదా, ఆయన చేతికి వచ్చిన ముక్క ఏది? ఎఫ్‌ఎస్‌బీ, ఎస్‌వీఆర్ ఒకటేనా?

ఒకటి కాదు. తేడా తెలియాలంటే 1991 ఆగస్టు నుంచి మొదలుపెట్టాలి. ఆ నెల 19న గోర్బచెవ్‌ను దించబోయిన కుట్రలో కేజీబీ ఛైర్మన్ క్ర్యుచ్‌కోవ్ ముందు వరసలో ఉన్నాడు. మూడు రోజుల్లో కుట్ర విఫలమైంది. ఇంత బలం ఒకే చోట పోగైతే ఇలాగే ఉంటుందన్న భయం పట్టుకుంది. దాంతో విదేశాల్లో గూఢచర్యం చేసే మొదటి ప్రధాన డైరెక్టరేట్‌ను విడదీశారు. ప్రిమకోవ్‌కు అప్పగించింది దీన్నే. కొద్ది నెలల్లో దాని పేరు రెండుసార్లు మారింది. ముందు కేంద్ర గూఢచార సంస్థ, డిసెంబరులో విదేశీ గూఢచార సంస్థ, అంటే ఎస్‌వీఆర్. మాస్కో శివారు యాసెనెవోలో దాని ప్రధాన కార్యాలయం.

దేశం లోపలి భద్రత చూసే విభాగాలు పేర్లు మార్చుకుంటూ 1995కి ఎఫ్‌ఎస్‌బీ అయ్యాయి. సైనిక గూఢచర్యం జీఆర్‌యూది. అది సైన్యం కిందిది, కేజీబీలో ఏనాడూ భాగం కాదు. పుతిన్ 1998 జులై నుంచి 1999 ఆగస్టు దాకా నడిపింది ఎఫ్‌ఎస్‌బీని. కాబట్టి నిఘా పదవిలో ప్రిమకోవ్ వారసుడు పుతిన్ అని రాస్తే మార్కులు పోతాయి.

ఇక్కడ మనవాళ్లకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. ప్రిమకోవ్‌కు ముందు ఆ డైరెక్టరేట్‌ను నడిపిన షెబార్షిన్ 1970లలో ఢిల్లీలో కేజీబీ పని చూసినవాడు. తర్వాత వచ్చిన త్రుబ్నికోవ్ ఇండియా విషయాల్లో నిపుణుడు, 2004 నుంచి 2009 దాకా ఢిల్లీలో రష్యా రాయబారి. ఈ ఇద్దరి మధ్య అరబిక్ పండితుడు కూర్చున్నాడన్నమాట.

ప్రశ్న (తెనాలి): రష్యా అధ్యక్షుడు యెల్ట్సిన్ వచ్చి గోర్బచెవ్ మనుషులందర్నీ తీసేశాడు. ఈయన్ను ఎందుకు ఉంచాడు? ఆ నాలుగేళ్లలో సాధించింది ఏమిటి?

1991 డిసెంబరులో యెల్ట్సిన్ స్వయంగా యాసెనెవోకు వెళ్లి అధికారుల అభిప్రాయం అడిగాడు. వాళ్లు ప్రిమకోవ్ ఉండాలన్నారు. డిసెంబరు 26న నియామక ఉత్తర్వు వచ్చింది. కారణం ఊహించడం కష్టం కాదు. సంస్థ ఉంటుందో ఊడుతుందో తెలియని రోజుల్లో, పాత లెక్కలు తేల్చడానికి రాని బయటి మనిషి, పైగా క్రెమ్లిన్‌లో మాట చెల్లేవాడు, వాళ్లకు గొడుగులా పనికొచ్చాడు.

ఆయన చేసిన పనుల్లో చట్టం ముఖ్యమైంది. అప్పటిదాకా సోవియట్ గూఢచర్యానికి విడిగా బహిరంగ చట్టమంటూ లేదు. 1992 జులైలో మొదటి చట్టం, 1996 జనవరి 10న ఇప్పటికీ అమల్లో ఉన్న చట్టం వచ్చాయి. సంస్థ ఎవరి కింద పనిచేస్తుంది, పార్లమెంటు ఏ మేరకు ప్రశ్నించవచ్చు అనేవి కాగితం మీదికి ఎక్కాయి. ఆచరణలో అధ్యక్షుడి మాటే చెల్లిందన్నది వేరే సంగతి. విలేఖరులతో మాట్లాడే విభాగం పెట్టాడు. 1993 నవంబరులో నాటో విస్తరణ మీద గూఢచార సంస్థ పేరుతోనే బహిరంగ నివేదిక విడుదల చేశాడు. గూఢచారులు పత్రికా సమావేశం పెట్టడమేమిటని అప్పట్లో ముక్కున వేలేసుకున్నారు. నాటో తూర్పుకు జరిగితే రష్యా సైనిక ఏర్పాట్లు మార్చుకోవాల్సి వస్తుందన్నది అందులో సారాంశం.

దెబ్బలూ తగిలాయి. 1985 నుంచి మాస్కోకు రహస్యాలు అమ్ముతూ వచ్చిన సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1994 ఫిబ్రవరిలో పట్టుబడ్డాడు. అంత విలువైన మనిషిని పోగొట్టుకోవడం ఏ సంస్థకైనా పెద్ద నష్టమే.

ప్రశ్న (న్యూజెర్సీ): ఆర్థికవేత్తలుండగా గూఢచార అధిపతిని ప్రధానిని ఎందుకు చేశారు? ఎనిమిది నెలలకే ఎందుకు తీసేశారు?

1996 జనవరిలో ఆయన విదేశాంగ మంత్రి అయ్యాడు కాబట్టి, ప్రధాని కుర్చీకి వచ్చింది ఆ శాఖ నుంచి. సందర్భం 1998 ఆగస్టు 17. ఆరోజు రష్యా స్వల్పకాలిక ప్రభుత్వ బాండ్ల చెల్లింపు ఆపేసింది, రూబుల్ విలువను పడిపోనిచ్చింది. అంతకు ముందు డాలరుకు ఆరు రూబుళ్ల పైచిలుకు ఉన్నది ఏడాది చివరికి 20 దాటింది. బ్యాంకుల ముందు బారులు. ప్రధాని కిరియెంకోను తీసేసి యెల్ట్సిన్ పాత ప్రధాని చెర్నోమిర్దిన్ పేరు పంపితే పార్లమెంటు దిగువ సభ డ్యూమా రెండుసార్లు తిప్పికొట్టింది.

రాజ్యాంగం 111వ అధికరణం ప్రకారం మూడోసారి కూడా కాదంటే అధ్యక్షుడు డ్యూమాను రద్దు చేయాలి. కానీ 109వ అధికరణం ప్రకారం, అధ్యక్షుడి మీద డ్యూమా అభియోగం మోపితే, అది తేలేదాకా రద్దు కుదరదు. కమ్యూనిస్టులు అభిశంసనకు సిద్ధంగా ఉన్నారు. ఇద్దరి చేతుల్లోనూ కత్తులున్నాయి, ముందు ఎవరూ దూయలేరు. అప్పుడు ఉదారవాది యావ్లిన్‌స్కీ సభలో ప్రిమకోవ్ పేరెత్తాడు. సెప్టెంబరు 11న ప్రిమకోవ్ 317 ఓట్లతో గెలిచాడు. ఏ వర్గానికీ సొంతం కాకపోవడమే ఆయనకు కలిసొచ్చింది.

పాత ప్రణాళికా సంఘం మనిషి మస్ల్యుకోవ్‌ను మొదటి ఉపప్రధానిగా, గెరాషెంకోను కేంద్ర బ్యాంకు అధిపతిగా తెచ్చుకున్నాడు. నోట్లు ఎడాపెడా అచ్చేస్తారని, సోవియట్ పద్ధతి తిరిగొస్తుందని పత్రికలు రాశాయి. అలా జరగలేదు. 1999 బడ్జెట్‌ను గట్టిగా బిగించాడు. రూబుల్ పడిపోవడంతో దిగుమతులు ప్రియమై స్థానిక ఫ్యాక్టరీలకు గిరాకీ వచ్చింది. 1999లో ఆర్థిక వ్యవస్థ 6.4 శాతం పెరిగింది. ఇందులో ఆయన వాటా ఎంత, రూబుల్ పతనానిది ఎంత, ఆ ఏడాది పెరిగిన చమురు ధరది ఎంత అనేది ఇప్పటికీ వాదనే. చెడగొట్టకుండా ఉండటమే ఆ ఏడాది పెద్ద పని అనేది మా అభిప్రాయం.

1999 మార్చి 24న ఐఎంఎఫ్ అప్పు మాటల కోసం వాషింగ్టన్ వెళ్తున్నాడు. ఐర్లండ్‌లోని షానన్‌లో ఆగి బయల్దేరాక, యుగోస్లావియా మీద నాటో దాడి ఆగదని అమెరికా ఉపాధ్యక్షుడు అల్ గోర్ ఫోన్‌లో తేల్చేశాడు. ప్రిమకోవ్ అట్లాంటిక్ మీద విమానాన్ని వెనక్కి తిప్పించాడు. దేశంలో జేజేలు పడ్డాయి. అప్పు చేజారిందని వ్యాపారవర్గాలు గగ్గోలు పెట్టాయి. చివరికి జులైలో ఐఎంఎఫ్ 450 కోట్ల డాలర్లు ఒప్పుకుంది, అదీ ఎక్కువగా తన పాత బాకీ తీర్చుకోవడానికే.

జనాదరణే ఆయన పదవికి ఎసరు పెట్టింది. అధ్యక్షుడు తప్పుకుంటే 92వ అధికరణం ప్రకారం ప్రధానే తాత్కాలిక అధ్యక్షుడు. యెల్ట్సిన్ ఆరోగ్యం బాగోలేదు. పక్కన నిలబడ్డ మనిషికి సొంత బలం పెరగడం క్రెమ్లిన్‌లోని వాళ్లకు నచ్చలేదు. అభిశంసన ఓటింగుకు మూడు రోజుల ముందు, మే 12న తీసేశారు. ఓటింగు వీగిపోయింది. చెచెన్యా యుద్ధం మీద పెట్టిన అభియోగానికి 283 ఓట్లు వచ్చాయి, కావాల్సింది 300.

డిసెంబరు ఎన్నికల్లో ఆయన నడిపిన కూటమికి 13 శాతం పైచిలుకు ఓట్లే వచ్చాయి. క్రెమ్లిన్ నిలబెట్టిన యూనిటీ అనే కూటమికి 23 శాతం. టీవీ ఛానెళ్లలో ఆయన వయసు మీద, ఆరోగ్యం మీద వారం వారం జరిగిన దాడి పనిచేసింది. 2000 ఫిబ్రవరిలో అధ్యక్ష పోటీ నుంచి తప్పుకున్నాడు. 2001 నుంచి పదేళ్లు వాణిజ్య, పరిశ్రమల మండలిని నడిపాడు. 2015 జూన్ 26న చనిపోయాడు.

ప్రశ్న (విశాఖపట్నం): రష్యా, ఇండియా, చైనా త్రికోణం ఆయన స్థాపించిందేనా?

ఆలోచన ఆయనది, స్థాపన కాదు. 1998 డిసెంబరులో ప్రధానిగా ఢిల్లీ వచ్చినప్పుడు, ఇరాక్ మీద అమెరికా, బ్రిటన్ దాడులు ముగిసి రెండు మూడు రోజులే అయింది. మూడు దేశాలూ కలిసి నడిస్తే బాగుంటుందని అప్పుడు అన్నాడు. వాజ్‌పేయీ ప్రభుత్వం గానీ బీజింగ్ గానీ ఉత్సాహం చూపలేదు. ఆ పర్యటనలో చేతికందింది వేరొకటి, 2010 దాకా సైనిక, సాంకేతిక సహకార ఒప్పందం. ముగ్గురు విదేశాంగ మంత్రులు న్యూయార్క్‌లో కలిసింది 2002లో, దానికోసమే ప్రత్యేకంగా సమావేశమైంది 2005 జూన్‌లో వ్లదివస్తోక్‌లో. జవాబులో ఈ తేదీలు విడివిడిగా రాయండి.

ప్రశ్న (నిజామాబాద్): ఇప్పటి ఎస్‌వీఆర్ అధిపతి నరీష్కిన్ కూడా రాజకీయ నాయకుడే కదా?

అవును. 2011 నుంచి 2016 దాకా డ్యూమా స్పీకర్, 2016 అక్టోబరు నుంచి ఎస్‌వీఆర్ డైరెక్టర్. ఆయనకు ముందున్న ఫ్రాద్‌కోవ్ దారి ప్రిమకోవ్ దారికి తలకిందులు. ముందు ప్రధాని, 2007లో ఆ పదవి పోయాక గూఢచార అధిపతి. ఇద్దరూ పుతిన్ నియమించినవాళ్లే, ఇద్దరికీ సొంత కూటమి లేదు. 2022 నవంబరులో సీఐఏ అధిపతి బర్న్స్‌ను అంకారాలో కలిసినప్పుడు నరీష్కిన్ క్రెమ్లిన్ మాట మోసుకెళ్లాడు. సొంతంగా విమానం తిప్పే అధికారం ఆయనకు లేదు.