డ్రిల్లు కొనే ముందు గోడ చూసుకో

పాలకొల్లు

చి.ల.సౌ. సుజాతకి మావయ్య ఆశీర్వదించి రాయునది.

నరసాపురం కొత్తింట్లో కర్టెన్లకీ, ఫొటోలకీ, కిటికీల దోమతెరలకీ ఓ కార్డ్‌లెస్ డ్రిల్లు కొనుక్కుంటామని, ఎన్ని వోల్టులది తీసుకోమంటావని అడిగావు. వోల్టుల సంగతి తరవాత. ముందు ఏ గదిలో ఎక్కడ కన్నం పడాలో, అక్కడున్నది ఇటుకో కాంక్రీటో చెక్కో, ఓ కాగితం మీద రాసుకో. ఏ మిషన్ కొనాలో ఆ కాగితమే చెప్పేస్తుంది.

మన డెల్టాలో నల్లమట్టి మీద కట్టే ఇళ్లకి ఈ రోజుల్లో పిల్లర్లూ బీములూ తప్పడం లేదు. వాటి మధ్య గోడ ఇటుకే. ఎర్ర ఇటుకలో 6 మిల్లీమీటర్ల కన్నం చిన్న డ్రిల్లు కూడా అవలీలగా చేస్తుంది. చిక్కంతా కర్టెన్ రాడ్ల దగ్గరే. బ్రాకెట్టు బిగించాల్సిన చోట, అంటే కిటికీకి సరిగ్గా పైన, లింటల్ ఉంటుంది. అది కాంక్రీటు. మామూలుగా ఓ 6 అంగుళాల మందం, కిటికీ దాటి అటూ ఇటూ ఇంకో 6 అంగుళాలు గోడలోకి వెళ్తుంది. కొన్ని ఇళ్లలో గోడ పొడుగునా బెల్టులా పోసేస్తారు. కొత్తింట్లో అందరూ మొట్టమొదట పెట్టుకునే పనే చవక డ్రిల్లుకి కొరుకుడు పడదన్నమాట. ఆ సంగతి తెలియక, మిషన్ మంచిది కాదని కొట్టువాడితో తగువు పడేవాళ్లు బోలెడుమంది.

కారణం ఇదీ. సుత్తి బొమ్మ ఉన్న డ్రిల్లులో, అంటే హేమర్ డ్రిల్లులో, రెండు పళ్లచక్రాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగుతూ బిట్టుని, అంటే కన్నం చేసే పుల్లని, అదురుస్తాయి. ఇటుకకి ఆ అదురు చాలు. కాంక్రీటులో నల్లకంకర రాయి అడ్డుపడితే చాలదు. ఎలక్ట్రీషియన్లు తెచ్చే రోటరీ హేమర్‌లో పిస్టన్ గాలిని నొక్కి, ఆ గాలి జోరుతో బిట్టు వెనక గుద్దుతుంది. దాని బిట్టు వేరు, కాడకి గాడులుంటాయి, ఎస్‌డీఎస్ అంటారు. మామూలు డ్రిల్లుకి అది పట్టదు.

అంచేత లింటల్, శ్లాబు, పిల్లర్ల మీద పడాల్సిన కన్నాలన్నిటికీ పెన్సిలుతో గుర్తులు పెట్టి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఒక్క పూటలో చేయించేసుకోండి. వాటి కోసం పెద్ద మిషన్ కొనడం డబ్బు దండగ. కిటికీ చట్రం చెక్కదైతే బ్రాకెట్టు చట్రానికే బిగించొచ్చు, అప్పుడు కర్టెన్లకి ఆ పిలుపూ అక్కర్లేదు. మిగతా పనులకి 12 వోల్టుల హేమర్ డ్రిల్లు సరిపోతుంది.

అసలు ఏడాదికి రెండు మూడు కన్నాలే అయితే వైరు డ్రిల్లు కొనుక్కోమనే వాణ్ణి. రెండున్నర వేలు అటూ ఇటూలో మంచి కంపెనీది 500 వాట్ల ఇంపాక్ట్ డ్రిల్లు (హేమర్ డ్రిల్లుకే ఇంకో పేరు) వస్తుంది. బ్యాటరీ చచ్చిపోతుందన్న దిగులూ ఉండదు. కానీ దోమతెర ఫ్రేములు, తలుపు బందులు, అలమర అరలు అన్నావు. ఇవన్నీ స్క్రూలు బిగించే పనులు. మామూలు వైరు డ్రిల్లుకి క్లచ్ ఉండదు. స్క్రూ బిగిసిపోయాక కూడా తిప్పేస్తుంది, తల అరుగుతుంది, లేదా విరిగి చెక్కలో ఉండిపోతుంది. కార్డ్‌లెస్‌కి మూతి దగ్గర అంకెల రింగు ఉంటుంది. అనుకున్న బిగువు రాగానే టకటకమని జారి ఆపేస్తుంది. మీ పనికి కార్డ్‌లెస్సే మేలన్నది అందుకే.

ఇప్పుడు వోల్టులు. లిథియం సెల్లు ఒక్కోటి 3.6 వోల్టులు, నిండా చార్జయితే 4.2. 12 వోల్టుల బ్యాటరీలో 3 సెల్లులుంటాయి. 18 వోల్టులన్నా, 20 వోల్టులు మ్యాక్స్ అన్నా లోపల 5 సెల్లులే, రెండింటికీ తేడా లేదు. ఇక ఫోనులో కనిపించే 48 వోల్టులు, 88 వోల్టులు అనే చవక డ్రిల్లుల మాట. నిజంగా 48 వోల్టులు రావాలంటే 13 సెల్లులు కావాలి. వాటిలో మామూలుగా వాడే సైజు సెల్లు ఒకటి సుమారు 45 గ్రాములు తూగుతుంది. 13 సెల్లులకి అరకిలో పైనే. పావుకిలో అటూ ఇటూ తూగే బ్యాటరీ మీద 48 అని అచ్చేస్తే అది స్టిక్కరు వోల్టేజి. అలాంటిదానికి ఏడాది తరవాత అదే అచ్చు బ్యాటరీ దొరకదు, చార్జరు పోతే చార్జరూ దొరకదు.

డ్రిల్లులో ముందు పోయేది బ్యాటరీయే, మోటారు కాదు. కొట్లో అడగాల్సిన మొదటి ప్రశ్న, "ఈ బ్యాటరీ విడిగా ఇస్తారా, ఎంతకిస్తారు?" అని. భీమవరంలోనో రాజమండ్రిలోనో ఇస్తామంటేనే మిషన్ వైపు చూడు. రెండు బ్యాటరీలున్న పెట్టె తీసుకో. 12 వోల్టుల్లో 1.5 లేదా 2 యాంపియర్ అవర్లు (బ్యాటరీలో పట్టే చార్జి కొలత) చాలు. పెట్టె మొత్తం ఐదారు వేలల్లో రావాలి. టార్కు, అంటే తిప్పే బలం, 30 న్యూటన్ మీటర్లు, చక్, అంటే బిట్టుని పట్టే మూతి, 10 మిల్లీమీటర్లు, గేర్లు రెండు ఉండాలి. బ్రష్‌లెస్ మోటారుకి ఎక్కువ పెట్టకు. రోజూ వాడే వడ్రంగికి ఆ తేడా గిట్టుబాటవుతుంది గాని మీకు కాదు.

ఒకేలా కనపడే రెండు మిషన్లలో ఒకదానికి హేమర్ ఉంటుంది, ఒకదానికి ఉండదు. ఇక్కడే పొరపాటు పడతారు. బాష్‌లో జీఎస్‌బీ అంటే హేమర్ ఉన్నది, జీఎస్ఆర్ అంటే లేనిది. మకీటాలో హెచ్‌పీ ఉన్నది, డీఎఫ్ లేనిది. కొట్టువాడి మాట కాకుండా పెట్టె మీద అక్షరాలు చూడు.

కొట్లోనే బిట్టు పెట్టించి తిప్పి చూడు. నెమ్మదిగా నొక్కితే నెమ్మదిగా తిరగాలి, వదలగానే టక్కున ఆగాలి, బిట్టు కొస వృత్తాలు చుట్టకూడదు. చక్ మూడు దవడల మధ్య బిట్టు సరిగ్గా కూర్చోకపోయినా కొస ఊగుతుంది, అందుకని ఓసారి తీసి మళ్లీ బిగించి చూశాకే వంక పెట్టు. నూరు వస్తువుల కిట్ అని అంటగట్టబోతే వద్దను. ఆ బిట్లు పది కన్నాలకే మొద్దుబారతాయి. మంచి రకం గోడ బిట్లు 6 మిల్లీమీటర్లవి రెండు, 8ది ఒకటి, చెక్కకి 3ది ఒకటి, స్క్రూలకి పీహెచ్2 (ప్లస్ గుర్తు తల) బిట్లు రెండు విడిగా కొనుక్కో.

గోడ పనికి గేరు 2 మీద, రింగు సుత్తి బొమ్మ మీద ఉండాలి. 6 బిట్టు, 6 ప్లాస్టిక్ ప్లగ్గు, 4 మిల్లీమీటర్ల స్క్రూ, ఇవి జత. లోపలి గోడకి ప్లాస్టరింగే 12 నుంచి 15 మిల్లీమీటర్లుంటుంది. పొట్టి ప్లగ్గు వేస్తే పట్టంతా ప్లాస్టరింగులోనే ఉండి, బరువు పడగానే పెచ్చుతో సహా ఊడొస్తుంది. కన్నం 50 మిల్లీమీటర్లు పోవాలి. బిట్టు మీద అంత కొలిచి టేపు చుట్టుకో. నాలుగైదు సెకన్లకోసారి బిట్టు బయటికి లాగి పొడి రాలనివ్వు. లేకపోతే పొడి గట్టిపడి బిట్టుని పట్టేస్తుంది, మోటారు వేడెక్కుతుంది.

రాలే పొడి చూస్తుండు. మొదట తెల్లగా వస్తే లప్పం, తరవాత బూడిదరంగు ప్లాస్టరింగు, ఆపైన ఎర్రగా వస్తే ఇటుక, నిశ్చింత. బూడిదరంగు మారకుండా బిట్టు మాత్రం సులువుగా దిగుతోందంటే అది ఫ్లైయాష్ ఇటుక. బూడిదరంగే వస్తూ బిట్టు కదలకపోతే కాంక్రీటు. మెరిసే ఇనపరజను కనపడితే చువ్వ తగిలిందని అర్థం. గోడ బిట్టు ఇనుముని కొయ్యదు, ఓ అంగుళం పక్కకి జరుపు. కాలిన బిట్టుని నీళ్లలో ముంచకు, కొసనున్న కార్బైడు ముక్క పగులుతుంది.

బాత్రూం టైలు మీద సుత్తి బొమ్మ ముట్టుకోకు. టేపు అతికించి, టైలు బిట్టుతో నెమ్మదిగా టైలు దాటించి, ఇటుక తగిలాక బిట్టు మార్చి హేమర్ పెట్టు. స్విచ్‌బోర్డుకి నిలువుగా పైనా కిందా ఎక్కడా కన్నం వద్దు, వైర్లు ఆ దారినే పోతాయి. టేకు చట్రానికైతే 4 మిల్లీమీటర్ల స్క్రూకి ముందు 3 బిట్టుతో దారి చెయ్యాలి. స్క్రూలెప్పుడూ గేరు 1లోనే. రింగు చిన్న అంకెతో మొదలుపెట్టి చాలకపోతే పెంచు, బిట్టు తల జారకుండా వెనక నుంచి గట్టిగా నొక్కి పట్టు. చేతికి గ్లవ్స్ వద్దు, కళ్లద్దాలు కావాలి. కొంగు దోపుకుని జడ ముడేసుకో.

మీది ఉప్పుగాలి తగిలే ఊరు. మామూలు ఇనుప స్క్రూలు కిటికీల్లో తుప్పు చారలు దించుతాయి. దోమతెరలకి స్టెయిన్‌లెస్‌వే కొను. పనయ్యాక బిట్లకీ, చక్ దవడలకీ కుట్టుమిషన్ నూనె చుక్క రాసి మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టు. బ్యాటరీని మిషన్ నుంచి విడిగా, సగం చార్జింగుతో బీరువాలో ఉంచు. అటక మీద, అందులోనూ రేకుల కింద పెట్టకు, ఎండాకాలం వేడికి సెల్లులు చస్తాయి. పూర్తిగా దింపేసి నెలల తరబడి వదిలేస్తే చార్జరు ఎర్రలైటు కొట్టుకుంటూ ఇక తీసుకోదు. రెండు మూడు నెలలకోసారి చూసి కాస్త ఎక్కించు. తుఫాన్ల కాలం ముందు మాత్రం రెండూ నిండా ఎక్కించి ఉంచుకో.

కొన్నాక బిల్లు మీద మిషన్ సీరియల్ నంబరు రాయించుకో. కాగితం మీద లెక్క తేలాక, కాంక్రీటు కన్నాలు ఎన్ని వచ్చాయో నాకు ఫోన్ చేసి చెప్పు. అల్లుడుగారికి నా ఆశీస్సులు.

ఇట్లు
మావయ్య