స్టైల్ షీట్‌కు తీరైన మాట

సందేహం: డిగ్రీ పిల్లలకు వెబ్ పేజీల తయారీ నేర్పుతాను. పేజీకి రంగూ రూపూ ఇచ్చే సీఎస్ఎస్ (కాస్కేడింగ్ స్టైల్ షీట్స్) పాఠాన్ని తెలుగులో రాసి ఇస్తున్నాను. స్టైల్‌ను ‘శైలి’ అని, స్టైల్ షీట్‌ను ‘శైలి పత్రం’ అని రాశాను. తోటి అధ్యాపకుడొకరు కాస్కేడింగ్‌ను కూడా వదలకుండా ‘జలపాత శైలి పత్రాలు’ అన్నారు. పిల్లలు నవ్వారు. ప్యాడింగ్, మార్జిన్ రెంటినీ వాళ్లు ‘గ్యాప్’ అనే అంటున్నారు. ఏం చెప్పాలి? – ఒక అధ్యాపకురాలు, హనుమకొండ

సమాధానం: అమ్మా, పాఠం తెలుగులో రాసి ఇస్తున్నందుకు ముందుగా మీకు నమస్కారం. ‘శైలి’ తప్పని అనను. నిఘంటువు ఒప్పుకుంటుంది, పత్రికలూ వాడుతున్నాయి. కానీ దాని పుట్టుక చూడండి. ‘శీలం’ నుంచి వచ్చింది ‘శైలి’. శీలం మనిషి లోపల ఉండేది. ఫలానా కవి శైలి అన్నామంటే అది ఆయనతో పుట్టింది, ఇంకొకరు తెచ్చి తొడిగింది కాదు. సీఎస్ఎస్ పని దీనికి పూర్తిగా ఎదురు. పేజీలోని రాత ఒక ఫైలులో, దాని రంగూ రూపూ ఇంకో ఫైలులో ఉంటాయి. ఒకదాన్ని ముట్టుకోకుండా రెండోదాన్ని మార్చుకోవచ్చు. 1994లో హోకున్ వియుమ్ లీ ప్రతిపాదించిందీ, 1996 డిసెంబరులో వెబ్ ప్రమాణాలు చూసే సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణంగా ఆమోదించిందీ ఈ వేరు చేయడాన్నే. ఎప్పుడంటే అప్పుడు విప్పి మార్చుకునే దాన్ని శీలంతో ముడిపెడితే పిల్లలకు అసలు సంగతే అందదు.

మన దగ్గర ఇంటింటా నలిగిన మాట ఒకటుంది, ‘తీరు’. ‘ఇదేం తీరు’ అంటాం, ‘ఒక్క తీరుగ లేదు’ అంటాం. బతుకమ్మ పండుగకు ‘తీరొక్క పూలు’ తెస్తాం. ఈ మాట మొదట క్రియ. పూర్తవడం, ముగియడం దాని మూలార్థం. తమిళంలో ‘తీర్’, కన్నడంలో ‘తీరు’ అదే అర్థంలో ఉన్నాయి. మనకూ అప్పు తీరుతుంది, దాహం తీరుతుంది, పని తీరితే ‘తీరిక’ దొరుకుతుంది, తగవు తీర్చేది ‘తీర్పు’. తెలుగు అక్కడితో ఆగలేదు. పూర్తయిన దానికి ఒక రూపు నిలుస్తుంది కదా! ముగింపు నుంచి రూపానికి, రూపు నుంచి అమరికకు ఈ మాట నడిచింది. జనం బారులు తీరుతారు. రాజు కొలువుతీరుతాడు. వాకిట్లో ముగ్గు తీరుస్తాం, నుదుట తిలకం తీరుస్తాం. ఎంత చక్కని సంసారమో చూడండి! (ఒడ్డు అనే ‘తీరం’ సంస్కృతం, దీనికి చుట్టం కాదు.) సీఎస్ఎస్‌లో ఫ్లెక్స్ బాక్స్ అనేది పెట్టెలను, అంటే పేజీలోని భాగాలను, వరుసలో నిలబెడుతుంది, అంటే బారులు తీర్చడమే. అంచు గీయడం, రంగు వేయడం ముగ్గు తీర్చే పనిలోకి వస్తాయి.

ఇంకో సంగతి. బతుకమ్మను తీర్చం, పేరుస్తాం. తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు ఒక వరుస, రంగులద్దిన గునుగు ఒక వరుస. ఏది కింద, ఏది మీద అన్న కట్టు పేర్చడం. పేజీలోని రాతను రాసే భాష హెచ్‌టీఎంఎల్ చేసేది అదే: పైన శీర్షిక, దాని కింద పేరా, ఆ కింద జాబితా. పేర్చేది హెచ్‌టీఎంఎల్, తీర్చేది సీఎస్ఎస్ అని చెప్పండి, పిల్లలు మరిచిపోరు. స్టైల్‌కు ‘తీరు’, స్టైల్ షీట్‌కు ‘తీర్ల పట్టీ’ అని నా సూచన.

జలపాతం నాకూ నచ్చలేదు. బొగతను చూసినవారికి జలపాతం అంటే నీరంతా ఒక్క దూకున పడటం. కాస్కేడ్‌లో ఉన్నది మెట్టు మెట్టుగా దిగడం. ఓరుగల్లు నేల మీద ఉండి గొలుసుకట్టు చెరువులను మరిస్తే ఎలా? పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువుకు నీళ్లు చేరతాయి. ఇంజనీర్లు ఇంగ్లీషులో దానికీ కాస్కేడ్ అనే అంటారు. బ్రౌజరు తన సొంత తీర్లు ముందే పెట్టుకుని ఉంటుంది, మనం రాసినవి వాటి మీదికి వస్తాయి, మనం ముట్టుకోని చోట దానివే నిలుస్తాయి. అయితే చిక్కు ఒకటుంది. చెరువులో నీళ్లు కలిసిపోతాయి. ఇక్కడ ఒకే అంశం మీద మనం రెండు తీర్లు రాస్తే ఒక్కటే చెల్లుతుంది: సెలెక్టర్ (తీరు పేజీలో దేనికి చెందుతుందో చెప్పే మాట) బలం ఎక్కువున్నది, బలాలు సమానమైతే చివర రాసింది. పైగా ‘గొలుసుకట్టు రాత’ అనే వాడుక ముందే ఉంది. అందుకని ‘గొలుసుకట్టు తీర్లు’ అనే తీరాలని పట్టుబట్టను. ఒకసారి వివరించి, తర్వాత సీఎస్ఎస్ అనే పిలవండి.

ప్యాడింగ్ అంచుకు లోపలి జాగా, మార్జిన్ బయటి జాగా. పెట్టెకు రంగు వేసి చూపండి: లోపలి జాగాకు అంటుతుంది, బయటి జాగాకు అంటదు.

నాకు కోపం తెప్పించేది మీ ‘శైలి’ కాదు, ఇప్పటి పాఠాల్లో కనిపించే ‘స్టైల్ చేయబడింది’, ‘అలైన్ చేయడం జరిగింది’. ప్రతిదానికీ చేయు, జరుగు! మన బమ్మెర పోతన గజేంద్ర మోక్షంలో ‘సిరికిం జెప్పఁడు’ అని ఎత్తుకున్నాడు. తర్వాత సంధింపఁడు, చీరఁడు, పన్నింపఁడు, చక్కనొత్తఁడు, వీడఁడు. ఆరు క్రియలు నడిచాయి, వాటిలో ‘చేయు’ లేదు. విష్ణువు చెదిరిన జుట్టు సవరించుకోలేదని చెప్పడానికి ‘చక్కనొత్తఁడు’ చాలింది. మనకూ అమర్చు, సర్దు, ఒత్తు, దిద్దు, తీర్చు ఉన్నాయి. వాడండమ్మా.

కీబోర్డు మీద కొట్టే మాటలను మాత్రం తెలుగు చేయకండి. ‘కలర్’ను అమెరికా పద్ధతిలో, ‘యు’ లేకుండా కొట్టాలి. ‘యు’ పెడితే బ్రౌజరు తప్పని కూడా చెప్పదు, ఆ వరుసను వదిలేసి పోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కడ పొరపాటో తెలియక టెన్షన్ పడతారు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఇంగ్లీషు పేజీల కొలతలను మన రాతకు అలాగే తెచ్చి పెడుతున్నారు. లైన్ హైట్, అంటే వరుస ఎత్తు, అక్షరం సైజుకు 1.2 రెట్లుంటే వాళ్లకు సరిపోవచ్చు. మనకు పైన గుడి ఉంది, కింద వత్తు ఉంది. ఒక వరుసలో ‘రాష్ట్రం’, సరిగ్గా దాని కింద ‘కీర్తి’ పడితే పైమాట వత్తులు కిందిమాట గుడికి తగులుతాయి. 1.6 నుంచి 1.8 దాకా పెంచి చూడండి. ఇటాలిక్ కూడా వద్దు. మన లిపికి వాలు అక్షరాల సంప్రదాయం లేదు, బ్రౌజరు ఉన్న అక్షరాన్నే పక్కకు వంచి నిలబెడుతుంది. నొక్కి చెప్పాల్సిన చోట అక్షరాన్ని మందం చేయించండి, లేదా రంగు మార్పించండి.