పాత అంబాసిడర్ పార్టు కంపెనీదా, డూప్లికేటా? నా అనుభవం

మీ తాతగారి 1960 నాటి అంబాసిడర్‌ను మళ్లీ రోడ్డెక్కించాలనుకుంటున్నారు. హైదరాబాద్‌లో ఒకరు హెడ్‌లైటు రిమ్ములు, పేరు బ్యాడ్జి, స్పీడోమీటరు చూపించి ‘అన్నీ కంపెనీవే’ అంటున్నారు, నమ్మవచ్చా అని అడిగారు. హనుమకొండలో నా దగ్గరున్నదీ అదే ఏడాది కారు. తొమ్మిదేళ్లుగా దానికి పార్టులు వెతుకుతున్నాను, ఒకటి రెండుసార్లు గట్టిగా మోసపోయాను కూడా. చేతులు కాల్చుకుని నేర్చుకున్నది చెబుతాను.

ముందు ఆ అమ్మకందారును ‘కంపెనీది’ అంటే ఏమిటో అడగండి. ఆ మాట కింద మూడు రకాల సరుకు అమ్ముతారు. అంబాసిడర్ తయారుచేసిన హిందుస్థాన్ మోటార్స్ వారి ఉత్తరపారా (బెంగాల్) ఫ్యాక్టరీలో కారుతో పాటు వచ్చినది ఒకటి. తర్వాతి కాలంలో అదే కంపెనీగానీ, దానికి సరఫరా చేసినవారుగానీ విడిగా అమ్మిన స్పేరు రెండోది. ఎవరో నకలు తీసి చేసినది మూడోది. అంబాసిడర్ 2014 దాకా తయారైంది కాబట్టి రెండో రకం బజారులో చాలా ఉంది. అది మోసం కాదు, కానీ మీ కారు వయసుది కాదు. ఉదాహరణకు కార్ల కరెంటు పార్టులు చేసే లూకాస్-టీవీఎస్ మద్రాసు దగ్గర పాడిలో మొదలైంది 1961లో. ఆ పేరున్న పార్టును ‘1960 కారుకు ఫ్యాక్టరీలో బిగించినదే’ అని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోండి. ఇంగ్లండ్‌లో చేసిన పాత లూకాస్ డైనమోలు, డిస్ట్రిబ్యూటర్ల (ఇంజను ప్లగ్గులకు కరెంటు పంచే పార్టు) ఒంటి మీద పార్టు నంబరుతో పాటు నెల, సంవత్సరం గుద్ది ఉంటాయి. 11 59 అని ఉంటే 1959 నవంబరు. ఆ తేదీ మీ కారు తయారైన తేదీకి కొన్ని నెలలు ముందుగా ఉండాలి. తర్వాతిది అయితే మధ్యలో ఎవరో మార్చారని అర్థం.

నేను మొదటిసారి మోసపోయింది డైనమో బ్రాకెట్ విషయంలో. సీలు విప్పని డబ్బా, పసుపెక్కిన కాగితం, బోల్టులతో సహా. డబ్బా చూసి మురిసిపోయి అడిగినంతా ఇచ్చేశాను. ఇంటికొచ్చి బిగించబోతే అర అంగుళం పానా బోల్టు తలకు ఎక్కలేదు. పదమూడు నంబరు (మిల్లీమీటర్ల) పానా మాత్రం చక్కగా పట్టింది. అనుమానం వచ్చి ఆ బోల్టును ఇంజనుకున్న పాత రంధ్రంలో చేత్తో తిప్పాను. రెండు చుట్లు హాయిగా దిగి బిగుసుకుపోయింది. ఈ కారు మరలు అంగుళాల లెక్కవి. 5/16 యూఎన్ఎఫ్ (అంగుళాల లెక్కలో సన్న మర) బోల్టుకు అంగుళానికి 24 చుట్లు ఉంటాయి. ఇప్పుడు బజారులో దొరికే 8 మిల్లీమీటర్ల బోల్టు లావులో దాదాపు అంతే, కానీ చుట్టుకూ చుట్టుకూ మధ్య 1.25 మిల్లీమీటర్లు. అందుకే మొదట దిగినట్టే దిగి ఇరుక్కుంటుంది. ఇంకో అరచుట్టు బలంగా తిప్పి ఉంటే ఇంజను మర పాడయ్యేది. అప్పటినుంచి ఏ పార్టు కొనబోయినా జేబులో ఒక పాత 5/16 నట్టు, ఒక బోల్టు పెట్టుకుని వెళ్తున్నాను. డబ్బాను నకలు చేయడం చాలా సులువు. మరను కూడా పాత కొలతకు కోయాలంటే ఆ పనిముట్లు కావాలి, ఆ శ్రద్ధా కావాలి. నకలు చేసేవారిలో అది తక్కువ.

బ్యాడ్జి సంగతి. పాత బ్యాడ్జినే అచ్చుగా పెట్టి మళ్లీ పోతపోస్తారు. అల్యూమినియమైనా ఇత్తడైనా కరిగించి పోస్తే చల్లారేటప్పుడు నూటికి ఒక వంతు, ఒకటిన్నర వంతు కుంచించుకుపోతుంది. అడుగు పొడవున్న పేరులో ఆ తేడా మూడు నాలుగు మిల్లీమీటర్లు వస్తుంది. పైకి కనిపించదు, కారు మీద పెడితే మాత్రం చివరి మేకు రంధ్రంలో కూర్చోదు. కాబట్టి మీ కారు రేకు మీది రంధ్రాలను కాగితం మీద అచ్చు తీసుకుని వెళ్లండి. వెనుక వైపు కూడా తప్పకుండా చూడండి. ఇసుక పోత గరుకు, ఆకురాయితో హడావిడిగా రాసిన గీతలు అక్కడే బయటపడతాయి. ముందువైపు అందరూ మెరుగు పెడతారు, వెనుక వైపు శ్రమపడేవారు అరుదు.

రిమ్ముల విషయం నాకు పెంబర్తిలో తెలిసింది. జనగామ దాటాక హైదరాబాద్ రోడ్డు మీద వచ్చే ఊరే, ఇత్తడి రేకు పనికి పేరున్నది. నా కారుకు మిగిలిన ఒక పాత రిమ్మును, కొత్తగా కొన్న ఒకదాన్ని పట్టుకెళ్లి అక్కడ పని చేసే ఒక పెద్దాయన ముందు పెట్టాను. ఆయన రెండింటినీ ముందువైపు చూడనే లేదు. తిరగేసి, లోపలి మడత మీద గోరు నడిపించారు. పాతదాని మడత అంతటా ఒకే మందంలో, మెత్తగా తిరిగింది. కొత్తదాని మడత దగ్గర రేకు చిన్న చిన్న ముడతలు పడింది. తర్వాత కనిపించని చోట ఆకురాయి ఒక్కసారి ఆనించారు. పాతదానిలో పసుపు రంగు తళుక్కుమంది, కొత్తదానిలో తెల్లని ఇనుము. అయస్కాంతం పెడితే కొత్తది టక్కున అంటుకుంది. ప్రతి అంబాసిడర్ రిమ్మూ ఇత్తడిదే అని నేను అనను. మీ కారుకు మిగిలిన రెండో వైపు రిమ్ము ఏ లోహమో చూసి దానితో పోల్చండి. మీ కారుకు సంబంధించినంత వరకు దానికి మించిన సాక్ష్యం లేదు.

తుప్పు ఉంది కదా, పాతదే అయి ఉంటుందని మాత్రం అనుకోకండి. ఉప్పునీళ్లు, యాసిడ్ పోసి వారం రోజుల్లో తుప్పు పట్టిస్తారు. అలాంటిది అంతటా ఒకే నారింజ రంగులో ఉంటుంది, వేలికి పొడిగా అంటుతుంది. ఏళ్ల తరబడి కారు మీద ఉన్న పార్టుకు ముదురు గోధుమరంగు పొర, మూలల్లో గట్టిపడిన గ్రీజు మట్టి, పాత రంగుల పొరలు ఉంటాయి. ముఖ్యంగా బోల్టు రంధ్రం చుట్టూ వాషర్ నొక్కిన ఉంగరంలాంటి ముద్ర ఉంటుంది. ఒక్కసారీ బిగించని పార్టుకు ఆ ముద్ర రాదు.

స్పీడోమీటరుకు ఒక భూతద్దం చాలు. పాత డయలు మీద అంకెల అంచులు గీత గీసినట్టు ఉంటాయి. కంప్యూటర్ ప్రింటు తీసి అతికించిన డయలైతే అంకెల్లో రంగు చుక్కలు చుక్కలుగా విడిపోయి కనిపిస్తుంది. కింద అంచున చిన్న అక్షరాల్లో మోడల్ నంబరు, కారు ఇంత దూరం పోతే మీటరు కేబుల్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క ఉంటాయి. ఆ లెక్క మీ కారు గేరుబాక్సుకు సరిపోకపోతే మీటరు అసలుదైనా వేగం తప్పుగానే చూపిస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం పాత సరుకు కోసం పట్టుబట్టకండి. బ్రేకు సిలిండర్లలోని రబ్బరు కప్పులు, హోస్ పైపులు, ఇంధనం పైపులు ‘వాడని పాత కంపెనీ మాల్’ అని అమ్ముతుంటారు. ముప్పై నలభై ఏళ్లు డబ్బాలోనే ఉన్నా రబ్బరు గట్టిపడి పగులుతుంది. నా స్నేహితుడొకరు అలాంటి కప్పులు వేయించుకుని ములుగు రోడ్డులో పెడల్ ఒక్కసారిగా నేలకు దిగిపోతే హ్యాండ్ బ్రేకుతో బయటపడ్డాడు. ఇంట్లోవాళ్లు కూర్చునే కారు, అక్కడ మంచి కొత్త రబ్బరే వేయించండి. రిమ్ము డూప్లికేటైనా నాకు అభ్యంతరం లేదు, డూప్లికేటని చెప్పి ఆ ధరకే అమ్మితే సంతోషంగా కొంటాను.

బయానా ఇచ్చే ముందు మూడింటికీ వెనుక వైపు ఫొటోలు పంపమని అడగండి. కారుకు పెట్టి చూసి సరిపోకపోతే వారంలో తిరిగి తీసుకుంటానని రాయించుకోండి. డయలు కింది అంచు స్పష్టంగా కనిపించే ఫొటో ఇక్కడ పెడితే నా కారు మీటరుతో పోల్చి చెబుతాను.