తెర ముందు కూర్చున్న మనిషి కోసం సర్దుకో

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. చంటివాడితో రెండు విమానాలు మారాలి, సెక్యూరిటీ చెక్‌లో బ్యాగు మొత్తం విప్పిస్తారేమో అని బెంగగా ఉందన్నావు కదా. అందులో చాలా మటుకు బ్యాగు సర్దేటప్పుడే తీరిపోతుంది. మిగిలింది అక్కడి యంత్రాన్ని బట్టి, ఆ దేశం రూళ్లను బట్టి ఉంటుంది. అది మన చేతిలో లేదు కాబట్టి నీ చేతిలో ఉన్నదాని గురించే రాస్తాను.

క్యాబిన్ బ్యాగు ఎక్స్‌రే గుండా పోతున్నప్పుడు తెర ముందు ఒక మనిషి కూర్చుని ఉంటాడు. నీ బ్యాగు మీద అతనికి దొరికేది కొద్ది సెకన్లు. ఆ కాస్తలో ఏది ఏమిటో పోల్చుకోగలిగితే బెల్టు ముందుకు కదులుతుంది. పోల్చుకోలేకపోతే బ్యాగు పక్క బెల్టు మీదికి మళ్లుతుంది. మధ్యమధ్య కంప్యూటరే ఉత్తుత్తి కత్తి బొమ్మో బాంబు బొమ్మో నిజం బ్యాగు బొమ్మలో కలిపి, అతను పట్టుకుంటాడో లేదో పరీక్షిస్తుంటుంది కూడా. కళ్లు అలిసిపోతాయని యూరప్ నిబంధనల్లో ఏకబిగిన 20 నిమిషాలకు మించి తెర చూడనివ్వరు. అంత ఒత్తిడిలో ఉన్న మనిషి అర్థంకాని బ్యాగును ఊరికే వదిలేస్తాడని అనుకోకు.

ఆ తెర మీద బ్యాగు రంగుల్లో కనిపిస్తుంది. కాగితం, బట్ట, సబ్బు, తినే వస్తువులు, ప్లాస్టిక్ నారింజ రంగులో పడతాయి. ఇనుము, రాగి, స్టీలు నీలంగా పడతాయి. అల్యూమినియం, గాజు లాంటివి ఆకుపచ్చగా. కిరణాలు దూరలేనంత మందంగా ఉన్నది నల్లగా. పేలుడు పదార్థాలు కూడా నారింజ రంగులోనే పడతాయి, చిక్కంతా అక్కడే ఉంది. నాలుగు లావు పుస్తకాలు దొంతరగా పెట్టి, వాటి మీద ఛార్జరు, చుట్టలు చుట్టిన వైర్లు, పవర్ బ్యాంక్ పడేశావనుకో. తెర మీద కనిపించేది మందపాటి నారింజ ముద్ద, దాని మీద వైర్లు, పక్కన బ్యాటరీ. వాళ్లకు శిక్షణలో చూపించే బొమ్మ ఇంచుమించు ఇలాగే ఉంటుంది. అదే పుస్తకాలను బ్యాగు పొడుగునా ఒక్కొక్కటిగా పరిచి, వైర్లన్నీ ఒక వల సంచిలో వేసి పై జేబులో పెడితే, ఆ సామానే ఏ అనుమానం లేకుండా దాటిపోతుంది. అందుకని మందంగా ఉన్నవాటిని ఒకదాని మీద ఒకటి పేర్చకు. సబ్బు కడ్డీలు, పెద్ద చాక్లెట్ దిమ్మలు, కొవ్వొత్తులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

ల్యాప్‌టాప్ బయటికి తీయమనేదీ ఇందుకే. బ్యాటరీ, సర్క్యూట్ బోర్డు, లోహపు చట్రం కలిసి కింద ఉన్నదాన్ని కప్పేస్తాయి. ఒక్క లాగుతో చేతికొచ్చేలా దాన్ని వెనక అరలో పెట్టుకో. కవరు తీసి, ట్రేలో ఒంటరిగా పెట్టు. పైన చొక్కాయో బెల్టో వేశావంటే బయటికి తీసిన ప్రయోజనం పోయినట్టే. పెద్ద కెమెరాకూ ట్యాబ్లెట్‌కూ ఇదే పద్ధతి.

ఇప్పుడు చాలాచోట్ల సీటీ స్కానర్లు వచ్చాయి. ఆస్పత్రిలో సీటీ స్కాన్ తీసినట్టే బ్యాగును అన్ని వైపుల నుంచీ తీస్తాయి. తెర ముందున్న మనిషి ఆ బొమ్మను తిప్పి తిప్పి చూడగలడు, పదార్థం సాంద్రత కూడా తెలుస్తుంది. అలాంటి వరసలో ల్యాప్‌టాప్, లిక్విడ్లు లోపలే ఉంచమంటారు. అయితే ఒకే ఎయిర్‌పోర్టులో ఒక వరసకు కొత్త యంత్రం, పక్క వరసకు పాతది ఉండొచ్చు. యంత్రం కొత్తదైనా రూలు పాతదే కావచ్చు. కొత్త స్కానర్లు పెట్టి లిక్విడ్ల పరిమితి సడలించిన యూరప్ ఎయిర్‌పోర్టుల్లోనే 2024 సెప్టెంబరు 1న మళ్లీ 100 మిల్లీలీటర్ల రూలు తెచ్చారు, 2025లో కొన్నిచోట్ల తిరిగి సడలించారు. కాబట్టి పాత రూలుకే సర్దుకుని వెళ్లు. తీయక్కర్లేదని వాళ్లే చెబితే మంచిదే. కిందటిసారి ఇక్కడ తీయించలేదే అని మాత్రం వాదించకు, ఆ వాదనతో ఎక్కడా పని జరగదు.

లిక్విడ్ల దగ్గర పోయేన్ని వస్తువులు ఇంకెక్కడా పోవు. 2006 ఆగస్టులో లండన్ నుంచి అమెరికా, కెనడాలకు వెళ్లే విమానాల్లో కూల్ డ్రింక్ సీసాల్లో ద్రవ పేలుడు పదార్థాలు తీసుకెళ్లే కుట్ర బయటపడ్డాక వచ్చిన రూలు ఇది. పాత ఎక్స్‌రేకి సీసాలో ఉన్నది నీళ్లో మరొకటో తెలియదు, అందుకే పరిమాణం మీద హద్దు పెట్టారు. 100 మిల్లీలీటర్లంటే సీసా సైజు, లోపల మిగిలినది ఎంతైనా సరే. 150 మి.లీ. ట్యూబులో అడుగున కాస్త పేస్టు మిగిలినా అది చెత్తబుట్టలోకే. ఇలాంటి చిన్న సీసాలన్నీ కలిపి ఒక లీటరు పట్టే పారదర్శకమైన జిప్ సంచిలో పెట్టాలి, సుమారు 20 సెంటీమీటర్లు పొడవూ అంతే వెడల్పూ ఉన్నది. మనిషికి ఒక్క సంచే, దాని జిప్పు పూర్తిగా పడాలి. లీటరంటే 100 మి.లీ. సీసాలు పది పడతాయని కాగితం మీద లెక్క, సీసాల ఆకారం వల్ల సంచిలో అన్ని పట్టవు. ఖాళీ సీసాలు కొని నింపుకునేట్టయితే మీద సైజు అచ్చు వేసినవే కొను. అంకె లేని సీసా 80 మి.లీ.దే అని నువ్వు చెప్పినా వాళ్లు నమ్మక్కర్లేదు.

ఏది లిక్విడ్ అని సందేహం వస్తే ఇలా చూసుకో. వంచితే జారేది, పిండితే వచ్చేది, రాస్తే పూతలా అంటుకునేది, నొక్కితే స్ప్రే అయ్యేది అన్నీ లిక్విడ్ కిందకే వస్తాయి. టూత్‌పేస్టు, జెల్, క్రీము, మస్కారా, తేనె, జామ్, పెరుగు అన్నీ. సబ్బు బిళ్ల, కడ్డీలా ఉండే డియోడరెంట్, తడి వైప్స్ దీనిలోకి రావు. నీళ్ల సీసా ఖాళీ చేసి మూత తీసి పెట్టు. స్టీలు ఫ్లాస్కు తెర మీద చీకటి గుండులా పడుతుంది కాబట్టి బ్యాగులో అడుగున దాచకుండా ట్రేలో పెట్టు. పొడులకూ కొన్ని దేశాల్లో హద్దుంది. అమెరికాకు వెళ్లే విమానాల్లో 2018 జూన్ నుంచి 350 మి.లీ. డబ్బాకు మించిన పొడిని విడిగా తనిఖీ చేస్తారు, అదేమిటో తేలకపోతే క్యాబిన్‌లోకి రానివ్వరు. పెద్ద డబ్బాలు చెక్ ఇన్ సామానులో వేసెయ్.

చంటివాడి పాలు, కాచిన నీళ్లు, మెత్తటి ఆహారం, ప్రయాణంలో కావలసిన మందులు 100 మి.లీ. దాటినా సాధారణంగా రానిస్తారు. అయితే అవి బ్యాగులో ఇరికించి ఉండకూడదు. వేరే సంచిలో పెట్టి, ట్రేలో పెట్టకముందే నోటితో చెప్పు. వాళ్లు కనిపెట్టాక చెబితే మాత్రం బ్యాగంతా చూస్తారు. సీసా మూత దగ్గర చిన్న పట్టీ పెట్టి పరీక్షించొచ్చు, ఒక్కోచోట మూత తీయమనొచ్చు. మందులు అసలు పెట్టెలోనే, చీటీ మీద పేరు టికెట్ మీద పేరుతో కలిసేలా ఉంచు. చంటివాడి తోపుడు బండి (స్ట్రోలరు) మడతపెడితే స్కానర్లో పడుతుందో లేదో ఇంట్లోనే చూసుకో. మడిచే పద్ధతి వరసలో నిలబడి నేర్చుకునేది కాదు, ఒంటి చేత్తో మడవడం వచ్చి ఉండాలి. బండి కింది బుట్ట ఖాళీగా ఉంచు, అందులో మరిచిపోయిన నీళ్ల సీసాలే అందరినీ ఆపుతాయి. పిల్లాణ్ణి బండి సీట్లోంచి తీసి చంకనెత్తుకునే దాటాలి.

పవర్ బ్యాంక్ చెక్ ఇన్ సామానులో వేయకూడదు, క్యాబిన్ బ్యాగులోనే ఉండాలి. లిథియం బ్యాటరీ మంటుకుంటే క్యాబిన్‌లో సిబ్బంది వెంటనే చూసి ఆర్పే ప్రయత్నం చేయగలరు. కింద సామాన్ల అరలో ఆ అవకాశం లేదు. హద్దు వాట్ అవర్లలో, అంటే బ్యాటరీలో పట్టే శక్తి కొలతలో ఉంటుంది. 100 వరకు అడగక్కర్లేదు. 100 నుంచి 160 వరకు ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, అదీ రెండే. 160 దాటితే ఎక్కనివ్వరు. నీ దాని మీద ఎంఏహెచ్ (mAh) అంకె మాత్రమే ఉంటే ఆ అంకెను 3.7తో గుణించి 1000తో భాగించు. 20,000 అయితే 74 వాట్ అవర్లు, పర్వాలేదు. 30,000 అయితే 111, ముందే అడగాలి. 50,000 అయితే 185, ఇంట్లో వదిలేయ్. బయటికి వచ్చే 5 వోల్టులతో గుణించి కంగారుపడేవాళ్లున్నారు, లెక్క లోపలి సెల్ వోల్టేజీతోనే వేయాలి. అంకెలు అరిగిపోయిన పవర్ బ్యాంక్‌ను చాలాచోట్ల తీసేసుకుంటారు, చదవగలిగేలా ఉన్నదే తీసుకెళ్లు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలో విమానం తగలబడ్డాక కొన్ని ఎయిర్‌లైన్లు పవర్ బ్యాంక్‌ను తలపైని అరలో పెట్టనివ్వడం లేదు, దగ్గరే ఉంచుకోమంటున్నాయి. ఇంకొకటి, చాలామంది మరిచేది. విమానం నిండిపోయి గేటు దగ్గర నీ క్యాబిన్ బ్యాగు కిందికి పంపిస్తామంటే, ఇచ్చేముందు పవర్ బ్యాంక్ తీసి చేతి సంచిలో వేసుకో. అందుకే దాన్ని కూడా పై జేబులోనే పెట్టుకో.

కత్తులు తేకూడదని అందరికీ తెలుసు. తెచ్చేది పాత బ్యాగే. పోయినేడు పెట్టిన మడత కత్తి, కుట్టుపెట్టెలోని కత్తెర, స్క్రూడ్రైవరు ఉన్న తాళంచెవుల గుత్తి చిన్న జేబుల్లో ఉండిపోతాయి. సర్దేముందు బ్యాగును మంచం మీద బోర్లించి, ప్రతి జిప్పూ తీసి, లైనింగ్ వెనక వేలు పెట్టి చూడు. కత్తెర అలుగు యూరప్‌లో 6 సెంటీమీటర్ల వరకు ఒప్పుకుంటారు. అమెరికాలో రెండు అలుగులూ కలిసే మేకు దగ్గర నుంచి 4 అంగుళాల లోపు. రెండు దేశాలు దాటాలంటే చెక్ ఇన్‌లో వేయడమే తెలివి. తుపాకీ ఆకారపు బొమ్మలు పిల్లాడివైనా వద్దు.

వరసలోకి వచ్చేసరికి జేబులు ఖాళీగా ఉండాలి. ఫోను, గడియారం, చిల్లర ట్రేలో విడిగా పోస్తే అక్కడే పోతాయి, బ్యాగు జేబులో వేసి జిప్పు వేసెయ్. నీ ట్రేలు సొరంగంలోకి వెళ్లాకే మనిషి స్కానర్ వైపు నడువు. వెనకవాళ్లు తోస్తున్నారని ముందే కదిలితే, నిన్ను అవతల ఆపి తడిమే లోపల నీ బ్యాగు బెల్టు చివర దిక్కులేకుండా పడి ఉంటుంది. అవతల ట్రే ఎత్తి పక్క బల్ల మీదికి తీసుకెళ్లి సర్దుకో. ట్రే మూలలు చేత్తో తడిమి చూడు, ఇయర్‌ఫోన్ డబ్బాలు, ఉంగరాలు దొర్లేది ఆ మూలలకే. నీ ల్యాప్‌టాప్ లాంటివే మరో నాలుగు వస్తాయి కాబట్టి మూత మీద గుర్తు పట్టే స్టిక్కరు ఉంటే మంచిది.

బ్యాగు పక్కకు తీశారంటే కంగారు పడకు, ఊరికే అక్కడక్కడ తీసేవీ ఉంటాయి. వాళ్లు అడిగేదాకా బ్యాగు ముట్టుకోకు. సూదులు, పగిలేవి ఉంటే ముందే చెప్పు. గుడ్డ పట్టీతో బ్యాగు పిడి, జిప్పులు, నీ అరచేతులు తుడిచి చిన్న యంత్రంలో పెడతారు. పేలుడు పదార్థాల జాడ చూసేది అదే. గ్లిజరిన్ ఉన్న చేతి క్రీము, ఎరువు, బాణసంచా మసి, గుండెకు వాడే నైట్రోగ్లిజరిన్ మాత్ర కూడా దాన్ని మోగించగలవు. ఆ ఉదయం క్రీము రాసుకోకుండా చేతులు సబ్బుతో కడుక్కుని వెళ్లు. మోగితే వాళ్లు ఇంకోసారి చూస్తారు, వేరే గదిలో తనిఖీ అడిగే హక్కు నీకుంది. బాంబు అనే మాట మాత్రం సరదాకి కూడా నోట రానీయకు. ఏదైనా వద్దన్నారంటే, టైముంటే వెనక్కి వెళ్లి చెక్ ఇన్‌లో వేయొచ్చు, దింపడానికి వచ్చినవాళ్లకు ఇవ్వొచ్చు. లేదంటే వదిలేయడమే.

మీ తమ్ముడి ఫిల్ము కెమెరా రీళ్లు తీసుకెళ్తున్నట్టయితే చేతి తనిఖీ అడుగు. సీటీ స్కానర్ ఒక్కసారికే ఫిల్మును పొగచూరినట్టు చేస్తుంది. సీసపు సంచిలో పెడితే తెర మీద నల్లటి దిమ్మ పడి బ్యాగు తప్పక విప్పుతారు, కాబట్టి అది వద్దు. మెమొరీ కార్డులకు ఏమీ కాదు.

రెండో విమానం దగ్గర మళ్లీ తనిఖీ ఉండొచ్చు, అక్కడి రూలే వర్తిస్తుంది. మొదటి ఎయిర్‌పోర్టులో తనిఖీ దాటాక కొన్న నీళ్ల సీసా రెండోచోట పోతుంది, తాగేసి వెళ్లు. డ్యూటీ ఫ్రీలో లిక్విడ్ కొంటే చీల్చితే తెలిసే సంచిలో రసీదు బయటికి కనపడేలా సీలు వేయించుకో, ఆఖరి ఎయిర్‌పోర్టు దాకా విప్పకు. సీలు ఉన్నా కొన్నిచోట్ల ఒప్పుకోరు, ఆ కొనుగోలు వెనక్కి వచ్చేటప్పటికి పెట్టుకో. అమెరికాలో దిగి మరో విమానం ఎక్కేట్టయితే మొదటి ఊళ్లోనే చెక్ ఇన్ సామాను చేతికి వస్తుంది, సీసా తీసి అందులో వేసి మళ్లీ అప్పగించు. పాలపొడి కలపడానికి నీళ్లు రెండో తనిఖీ దాటాకే పట్టుకో.

మీ పెదనాన్న