మాస్టారికి ఉత్తరాలు: మిగిలిపోయిన మూడు స్క్రూలు

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. ఇంట్లో ఏ వస్తువునీ ఉంచడం లేదు. పోయిన నెల పాత టేబుల్ ఫ్యాను విప్పేశాడు. మొన్న కొత్త మిక్సీ విప్పి మళ్ళీ బిగిస్తే మూడు స్క్రూలు మిగిలిపోయాయి. వాళ్ళ నాన్న చెయ్యి చేసుకున్నారు. మార్కులు అరవై దాటవు. విశాఖలో హాస్టల్లో వేసి ఐఐటీ ఫౌండేషన్ చదివిద్దామని ఆయన పట్టుబడుతున్నారు. ఈ స్క్రూడ్రైవర్ పిచ్చి మాన్పించే దారి చెప్పండి.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ మూడు స్క్రూలూ పారేశారా? పారేయకపోతే ఒక కాగితంలో పొట్లం కట్టి మీ అబ్బాయికి ఇవ్వండి. తిట్టకుండా ఒక్క మాట అడగండి: "ఇవి ఎక్కడివి నాన్నా?" వాడు మళ్ళీ మిక్సీ ముందు కూర్చుంటాడు. ఏ కన్నం ఖాళీగా ఉంది, ఏ స్క్రూ పొడుగు, ఏది పొట్టి అని చూస్తాడు. ఆ గంటసేపు వాడు చేసేది చదువే. దాన్ని మాన్పించే దారి నా దగ్గర లేదు. ఉన్నా చెప్పను.

ఎందుకంత గట్టిగా అంటున్నానో చెబుతాను. నేను 31 ఏళ్ళు ఫిజికల్ సైన్స్ చెప్పాను. మొదట్లో పనిచేసిన ఒక హైస్కూల్లో ల్యాబ్ బీరువాకి ఎప్పుడూ తాళమే. సామాను పగిలితే జీతంలో పట్టుకుంటారని భయం. పిల్లలకు సన్నని కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్స్ అంటే బోర్డు మీద నేను గీసిన బొమ్మే. పదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ఓమ్ నియమం అడిగితే పొల్లుపోకుండా చెప్పేది, లెక్కలన్నీ చేసేది. ఒకరోజు పక్క బడి నుంచి అమ్మీటరు, బ్యాటరీ, తీగలు తెచ్చి "కలుపమ్మా" అన్నాను. అమ్మీటరు శ్రేణిలో కలపాలని నోటితో సరిగ్గానే చెప్పింది. రెండు తీగలు రెండు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కళ్ళల్లో నీళ్ళు. తప్పు ఆ పిల్లది కాదు, నాది. మర్నాడే బీరువా తాళంచెవి అడిగి తీసుకున్నాను, పగిలినవి నా పేరున రాసుకోమన్నాను. ఆ ఏడాది పగిలినవి రెండు థర్మామీటర్లు, ఒక కటకం. అంతే.

ఇక మీవాడి సంగతి. ఒక పాత ఇడ్లీ రేకు వాడికి ఇచ్చేయండి. విప్పిన వరసలో గుంటకో స్క్రూ వేసుకుంటాడు. ఇక ఏదీ మిగలదు. ఒక నోటుబుక్కు ఇవ్వండి. తీగ ఊడదీసే ముందు ఏ రంగుది ఎక్కడికి వెళ్ళిందో బొమ్మ గీయాలి, గీయకుండా విప్పకూడదు. ప్లగ్గు పీకి, పీకినట్టు పెద్దవాళ్ళకు చూపించాకే చెయ్యి పెట్టాలి. ప్లగ్గు పీకినా కండెన్సర్లో కరెంటు నిలవ ఉంటుందని, దాన్ని ఒంటరిగా ముట్టుకోకూడదని చెప్పండి. టీవీ, ఇన్వర్టర్, పొలం మోటారు స్టార్టర్ జోలికి అసలు పోకూడదు. అవి ప్రాణం తీస్తాయి. ఇక్కడ మాత్రం మీరు కఠినంగానే ఉండాలి. కొత్త మిక్సీ ఎందుకు, పాత ఇనుము కొట్లో పాడైన ఫ్యాను దొరుకుతుంది, అది కొనిపెట్టండి.

ఆదివారం పూట మోటారు వైండింగ్ షాపులో రెండు గంటలు కూర్చోబెట్టండి. సీలింగ్ ఫ్యాను స్విచ్ వేస్తే మూలుగుతుంది, తిరగదు. కర్రతో రెక్క కాస్త తోస్తే తిరుగుతుంది. ఎందుకని? మన ఇంటికొచ్చే సింగిల్ ఫేజ్ కరెంటు ఒక్క తీగచుట్టతో మోటారును కదిలించలేదు. అందుకే రెండో చుట్ట పెట్టి, దానికి కండెన్సర్ ద్వారా కరెంటు ఇస్తారు. ఆ కరెంటు మొదటిదానితో జత కలవకుండా కాస్త ముందు నడుస్తుంది. ఆ తేడాయే ఫ్యానుకు మొదటి తోపు. సీలింగ్ ఫ్యానుకు మామూలుగా ఉండేది 2.5 మైక్రోఫారడ్ల కండెన్సర్. అది చస్తే తోపు ఉండదు. ఈ ముక్క చేత్తో తెలిసినవాడికి రేపు ఇంటర్లో ఏసీ సర్క్యూట్ల పాఠం వచ్చినప్పుడు పాత చుట్టం ఇంటికొచ్చినట్టుంటుంది.

మీ ఆయనకు నా మాటగా చెప్పండి. చదువు వద్దని నేను అనను. ఐఐటీ కోరిక చెడ్డదీ కాదు. కానీ పదమూడేళ్ళకే దారి మూసేయొద్దు. పది తర్వాత మూడేళ్ళ డిప్లొమా ఉంది. డిప్లొమా వాళ్ళకు పెట్టే ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి దాని మీదుగా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలోనే చేరొచ్చు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్ళు. ఇంటర్, జేఈఈ ఎలాగూ ఉన్నాయి. హాస్టల్ చూడ్డానికి వెళ్తే ఫీజు తర్వాత అడగొచ్చు, ల్యాబు తలుపు తీయించి చూడమనండి. సామాను మీద దుమ్ముందో, పిల్లల వేళ్ళ గుర్తులున్నాయో ఆయనకే తెలుస్తుంది.

ప్రశ్న: విజయనగరం జిల్లాలో హైస్కూల్ టీచర్ని. 2020 జాతీయ విద్యా విధానం 6–8 తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేకుండా 10 రోజులు వృత్తిపనివాళ్ళ దగ్గర గడపమంటోంది. మా బడిలో ఆ రోజులు ఆటలతో, డ్రాయింగుతో గడిచిపోతున్నాయి. పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళను?

జవాబు: మీకు బొబ్బిలి పక్కనే గొల్లపల్లి ఉంది కదా. పనస దుంగను తొలిచి వీణ చేసే ఊరు. పిల్లల చేతికి టేపు ఇచ్చి, తీగ ఆనే కింది ఆధారం గుర్రం నుంచి పై ఆధారం మేరువు దాకా తీగ పొడవు కొలవమనండి. తర్వాత గుర్రం నుంచి పన్నెండో మెట్టు దాకా. దాదాపు సగం వస్తుంది. అప్పుడు అక్కడ నొక్కి మీటమనండి: అదే స్వరం, పై స్థాయిలో. ముందు మీరు చెప్పేయకండి, కొలత వాళ్ళనే చెప్పనివ్వండి. మైనం మీద మెట్టును వెంట్రుకవాసి జరుపుతూ చెవితో సరిచూసే మనిషిని పదినిమిషాలు ఊరికే చూడనివ్వండి.

ఇటు శ్రీకాకుళం వైపు వస్తే, చేత్తో సన్న ఖద్దరు నూలు వడికే పొందూరు. నేను పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు ఒక గుంటడు అడిగాడు, పత్తి దువ్వడానికి వాలుగ చేప దవడ ఎందుకు, ఇనప దువ్వెన చాలదా అని. ఆ వడికే అమ్మ జవాబు చెప్పలేదు. "అడిగితే ఏటొస్తాది బాబూ, నువ్వే దువ్వి సూడు" అని దవడ ఎముక, చిటికెడు పత్తి వాడి చేతిలో పెట్టింది. మొదటిసారి లాగితే పోగులు తెగిపోయాయి. చెయ్యి తేలిక చేయమంది. నాలుగోసారికి నలక ఎముక పళ్ళకు చిక్కి, పోగు పట్టులా జారింది. దవడను వెలుతురుకి ఎత్తి చూసి, "మాస్టారూ, దీనికి లెక్కలేనన్ని పళ్ళు, సూదుల కంటే సన్నం" అన్నాడు. ఇక నేను చెప్పడానికి ఏమీ మిగలలేదు.

ఇలా మనుషుల దగ్గర నేర్చుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1863లో పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు, పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, సవర గిరిజనుల మాట తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. అడిగి, విని, రాసుకుని 1931 నాటికి దానికి వ్యాకరణం ఇచ్చారు. మీ ఊళ్ళో కమ్మరి, కుమ్మరి, సైకిలు షాపాయన ఉంటే బస్సు ఖర్చు కూడా అక్కర్లేదు. ఆయన పని చెడిన పూటకు కాస్త కూలి ఇప్పించండి, అది న్యాయం.

ప్రశ్న: మాస్టారూ, నేను ఏడో తరగతి. అరసవల్లి సూర్యదేవుడి గుళ్ళో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద మార్చి 9, 10 తేదీల్లోనూ అక్టోబర్ 1, 2 తేదీల్లోనూ పడతాయంటారు. రెండుసార్లే ఎందుకు?

జవాబు: సూర్యుడు రోజూ ఒకే చోట పొడవడు తల్లీ. డిసెంబర్ చివర్లో ఆగ్నేయం వైపు, జూన్ చివర్లో ఈశాన్యం వైపు పొడుస్తాడు. ఉత్తరానికి వెళ్ళేటప్పుడు ఒకసారి, దక్షిణానికి తిరిగొచ్చేటప్పుడు ఒకసారి ఆ గుడి గుమ్మాలకు ఎదురుగా వస్తాడు. నా మాట నమ్మకు, చూడు. మీ డాబా మీద మీటరు కర్ర ఒకటి నిలువుగా, కదలకుండా నిలబెట్టు. వారానికోసారి మధ్యాహ్నం నీడ ఎప్పుడు అన్నిటికంటే పొట్టిగా ఉంటుందో చూసి, కొస దగ్గర సుద్దతో గుర్తు, తేదీ. డిసెంబర్ చివర్లో నీడ దాదాపు 89 సెంటీమీటర్లు, ఉత్తరం వైపు. మే రెండో వారంలో ఒకరోజు 11 గంటల 50 నిమిషాల ప్రాంతంలో అసలు నీడే కనిపించదు. మన ఊరు దేశం గడియారాలన్నిటికీ సమయం లెక్కగట్టే రేఖకు కాస్త తూర్పున ఉంది కాబట్టి పన్నెండు కొట్టకముందే మిట్టమధ్యాహ్నం అయిపోతుంది. జూన్ 21న కొలిచి చూడు: నీడ 9 సెంటీమీటర్లే ఉంటుంది, అదీ దక్షిణం వైపు. ఎటు నుంచి ఎటు మారిందో బొమ్మ గీసి నాకు పంపు. వానకు సుద్ద చెరిగిపోతుంది, అందుకని పెయింటుతో గుర్తు పెట్టుకో, ముందు అమ్మను అడిగి.