పెదవి గాయం తరువాత ట్రంపెట్: దేవరకొండ నుంచి ఒక తండ్రి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. మూడు తరాలుగా బ్యాండు మేళం మా బతుకుదెరువు. మా అబ్బాయికి పద్దెనిమిదిన్నర ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. ట్రంపెట్ మంచిగా వాయించేవాడు. వైమానిక దళంలో సంగీతకారుడిగా చేరాలన్నది వాడి కోరిక. మొన్న వైశాఖంలో బండి మీద నుంచి పడితే పై పెదవికి ఐదు కుట్లు పడ్డాయి, విరిగిన ముందు పన్నుకు క్యాప్ వేయించాము. శ్రావణం ముహూర్తాలకు మళ్లీ బరాత్‌లలో వాయించాడు. అప్పటి నుంచి పై స్వరాలు పలకడం లేదు, అరగంటకే పెదవి వాస్తున్నది. వాడు కాలేజీకి కూడా సరిగా పోవడం లేదు. కొత్త మౌత్‌పీస్ కొనిమ్మంటారా, లేక ట్రంపెట్ మాన్పించి పాలిటెక్నిక్‌లో చేర్చమంటారా?

జవాబు: మీరు అడిగిన రెండింటిలో ఏదీ ఈ నెలలో తేల్చవలసిన విషయం కాదని ముందుగా మనవి చేస్తున్నాను. మీ అబ్బాయి చెవి, లయ, వేళ్ల చురుకు, ఊపిరి బలం ప్రమాదానికి ముందు ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. దెబ్బతిన్నది ఒక్కటే: పెదవులు, వాటి మూలలు, దవడ, ముందు పళ్లు కలిసి మౌత్‌పీస్ దగ్గర కుదురుకునే తీరు. పాశ్చాత్య సంగీతంలో దీనిని ఎంబుషూర్ అంటారు. ఈ జవాబులో నేను పెదవి పట్టు అని రాస్తాను. ఆ పట్టు పాత పెదవికి, పాత పన్నుకు తగినట్టుగా ఏళ్ల తరబడి ఏర్పడింది. ఇప్పుడు పెదవిలో మచ్చ కణజాలం ఉన్నది, పన్ను మందం మారింది. అందువల్ల అబ్బాయి పాత పట్టును ఎంత వెతికినా అది దొరకదు. ఉన్న పెదవికి తగిన కొత్త పట్టును మొదటి నుంచి కట్టుకోవాలి. దానికి పట్టే కాలాన్ని బట్టి చదువు, ఉద్యోగ ప్రయత్నం అమర్చుకోవాలి గాని, ఉద్యోగ ప్రకటన తేదీని బట్టి పెదవిని తొందరపెట్టకూడదు.

ఈ మాట నేను అనుభవంతో చెబుతున్నాను. పదేళ్ల కిందట దాదాపు ఇదే స్థితిలో ఉన్న ఒక విద్యార్థికి, నియామకానికి ఆరు వారాలే ఉన్నాయి కాబట్టి ఎలాగైనా సిద్ధపడమని సలహా ఇచ్చాను. అతను మానని పెదవితోనే వెళ్లి, సగంలో ఆగిపోయి, ఆ తరువాత ఏడాది పాటు వాద్యాన్ని ముట్టలేదు. ఆ తప్పు నాదేనని ఇప్పటికీ అనుకుంటాను.

శ్రావణంలో ఏమి జరిగి ఉంటుందో మీకు అర్థమైతేనే ఇక ముందు ఏమి చేయాలో తెలుస్తుంది. ట్రంపెట్‌లో స్వరం పుట్టేది పెదవి మధ్యభాగం గాలికి కంపించడం వల్ల. నోటి చుట్టూ వలయంలా ఉండే కండరం, మూలల దగ్గర దానితో కలిసే ఇతర ముఖ కండరాలు పెదవిని నిలబెడతాయి; మధ్యభాగం మాత్రం స్వేచ్ఛగా ఉండాలి. పై స్వరాలకు గాలి వేగం పెరగాలి, మూలలు గట్టిపడాలి. మూలల్లో బలం లేనప్పుడు వాయించేవారు ఎడమ చేతితో ట్రంపెట్‌ను నోటికి అదుముకుంటారు. మౌత్‌పీస్ అంచు పెదవిని పంటికి వేసి నొక్కితే అక్కడికి రక్తం సరిగా అందదు, పెదవి మొద్దుబారి కంపించడం మానేస్తుంది, స్వరం పలకకపోయేసరికి చెయ్యి ఇంకా గట్టిగా అదుముతుంది. ఊరేగింపులో డప్పులు, డ్రమ్ములు, డీజే మధ్య తన స్వరం తనకే వినిపించక ఈ ఒత్తిడి రెట్టింపవుతుంది. అప్పుడే కుట్లు మానిన పెదవి మూడు నాలుగు గంటల బరాత్‌ను తట్టుకోలేదు. అబ్బాయిలో శ్రద్ధ తగ్గిందని మీరు అనుకోవద్దు, వాడిని అనుకోనివ్వవద్దు.

కాబట్టి మొదటి పని వైద్యులను కలవడం. పెదవిలో తిమ్మిరి గాని, ఒకవైపు స్పర్శ తెలియకపోవడం గాని ఉంటే కుట్లు వేసిన సర్జన్‌కు తప్పక చూపించండి, మచ్చ మీద మర్దన చేయవచ్చునా, ఎలా చేయాలి అని అడగండి. మచ్చ మెత్తబడడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. దంతవైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు మౌత్‌పీస్‌ను వెంట తీసుకుపొండి. క్యాప్ అంచు పెదవి లోపలి వైపు గీసుకుంటున్నదా, పక్క పన్ను కంటే ముందుకు పొడుచుకు వచ్చిందా అన్నది వాయించే భంగిమలో చూస్తేనే తెలుస్తుంది. వెంట్రుకవాసి మందం తేడా కూడా ట్రంపెట్ వాయించేవారికి పెద్ద తేడాయే. నార్కట్‌పల్లిలోనూ మహబూబ్‌నగర్‌లోనూ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. క్యాప్‌ను సరిచేయడం, మార్చడం అక్కడి ఆసుపత్రుల్లో చేస్తారు. అదే రోజున పళ్ల అచ్చు ఒకటి తీయించి ఇంట్లో దాచుకోండి. రేపు మరో పన్నుకు ఏమైనా జరిగితే అదే ఆకారంలో తిరిగి చేయించుకోవడానికి అది పనికివస్తుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మన ప్రాంతపు పిల్లలలో కొందరి పంటి ఎనామిల్ బలహీనంగా ఉంటుంది కనుక ఈ జాగ్రత్త మనకు మరింత అవసరం.

కొత్త మౌత్‌పీస్ ఇప్పుడు వద్దు. పట్టు రోజురోజుకూ మారుతున్న సమయంలో మౌత్‌పీస్‌ను కూడా మారిస్తే, బాగుపడినా చెడిపోయినా కారణం ఏదో తెలియదు.

వాపు పూర్తిగా తగ్గి, వైద్యులు సరేనన్న తరువాతనే సాధన మొదలుపెట్టాలి. ఆ లోపల ట్రంపెట్ లేకుండా చేయగలిగిన పని ఉన్నది: గోడకు చిన్న కాగితం ఆనించి, చేయి తీసేసి, ఊదే గాలితోనే దానిని పడిపోకుండా ఎంతసేపు నిలపగలడో రోజూ చూసుకోవచ్చు. సాధన మొదలైన తరువాత తొలి వారాలలో ఐదు నిమిషాలు వాయిస్తే ఐదు నిమిషాలు ఆగాలి, ఇలా రోజు మొత్తం మీద ఇరవై నిమిషాలు దాటకూడదు. మౌత్‌పీస్‌ను రెండు వేళ్లతో మాత్రమే తేలికగా పట్టుకొని కొద్దిసేపు పలికించి, ఆపైన ట్రంపెట్ మీద మీటలు నొక్కకుండా మధ్య స్థాయిలో పలికే జీ స్వరాన్ని మెల్లగా, ఊగిసలాట లేకుండా, ఎనిమిది మాత్రల సేపు నిలపాలి. తరువాత ఆ జీ నుంచి దానికి పైనున్న సీ స్వరానికి, మళ్లీ జీకి నాలుక తగిలించకుండా గాలితోనే జారాలి. మొదటి నెల ఆ సీ దాటి పైకి పోవద్దు. బరాత్‌లలో అలవాటైన చెవికి ఇది చాలా చప్పగా ఉంటుంది, అబ్బాయికి ఏడుపు కూడా రావచ్చు; ఆ రోజులలో మీరు పక్కన కూర్చొని వినడం వాడికి పెద్ద ఆసరా.

మౌత్‌పీస్ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న తప్పక వస్తుంది. మచ్చను తప్పించడానికి చాలామంది తెలియకుండానే ఒక పక్కకు జరుపుతారు. పాత ఫొటోలు చూసి పాత చోటనే పెట్టమని బలవంతపెట్టకండి. అద్దం ముందు, అతి తక్కువ ఒత్తిడితో, ఎక్కడ ఊదితే స్వరం సులువుగా పుడుతుందో అక్కడే పెట్టనివ్వండి. కొద్దిగా పక్కకు పెట్టి గొప్పగా వాయించేవారు ఎందరో ఉన్నారు. వారానికి ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసి తేదీ రాసి పెట్టుకుంటే, రోజువారీగా కనిపించని మెరుగుదల నెల చివర వినిపిస్తుంది. మరునాటి ఉదయానికి కూడా వాపు ఉన్నదంటే ముందురోజు సాధన ఎక్కువైనట్టే లెక్క. నొప్పి, రక్తం, తిమ్మిరి ఏది కనిపించినా ఆ రోజు అక్కడితో ఆపేయాలి.

ఇది జరిగే పనేనా అని మీకు అనుమానం రావడం సహజం. అమెరికన్ జాజ్ ట్రంపెట్ కళాకారుడు చెట్ బేకర్ 1966లో తనపై జరిగిన దాడిలో ముందు పళ్లు దెబ్బతిని, కట్టుడు పళ్లతో మొదటి నుంచి నేర్చుకొని 1970లలో తిరిగి వేదిక ఎక్కారు. అంతకు ముందు 1930లలో మరో జాజ్ ట్రంపెట్ కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పెదవి చెడి నెలల తరబడి వాయించకుండా ఉండవలసి వచ్చింది. ట్రంపెట్ వాద్యకారులలో నోటి చుట్టూ ఉండే కండరం చిరగడాన్ని వైద్యులు ఆయన ముద్దుపేరుతో సాచ్మో సిండ్రోమ్ అని పిలుస్తున్నారు. వారిద్దరికీ కాలం పట్టింది, మీ అబ్బాయికీ పడుతుంది. గాయం లోతును బట్టి ఆరు నెలల నుంచి ఏడాది అనుకొని లెక్క వేసుకుందాం.

ఆ లెక్కలో ఉద్యోగ ప్రయత్నానికి చోటు ఉన్నది. వైమానిక దళం చేపట్టే అగ్నివీర్ వాయు సంగీతకారుల నియామకానికి పదో తరగతి ఉత్తీర్ణత చాలు, వయసు పదిహేడున్నర నుంచి ఇరవై ఒకటి మధ్య ఉండాలి, అవివాహితులై ఉండాలి. ట్రంపెట్ వారి వాద్యాల జాబితాలో ఉన్నది. నౌకాదళంలోనూ సంగీతకారుల అగ్నివీర్ నియామకం ఉన్నది. పుట్టిన తేదీల గడువు ప్రకటనకూ ప్రకటనకూ మారుతుంది కనుక ప్రతిసారీ సరిచూసుకోవాలి. అబ్బాయికి ఇంకా రెండేళ్లకు పైగా వ్యవధి ఉన్నది. వైద్యపరీక్షలో పళ్లకు కనీసం పద్నాలుగు పాయింట్లు రావాలి. ముందు పన్నుకు ఒకటి, దవడ పన్నుకు రెండు చొప్పున లెక్కిస్తారు కాబట్టి ఒక్క పన్ను కారణంగా దారి మూసుకుపోయిందని దిగులు పడవలసిన పని లేదు. చికిత్స కాగితాలన్నీ భద్రంగా ఉంచండి. పరీక్షలో వాద్యాన్ని శ్రుతి చేయడం, సిద్ధం చేసుకున్న బాణీలు వాయించడం ఉంటాయి. బ్యాండు మేళంలో చెవితో నేర్చిన పిల్లలు తడబడేది స్టాఫ్ నొటేషన్, అంటే స్వరాలను గీతల మీద రాసే పాశ్చాత్య పద్ధతి, దగ్గర. పెదవి విశ్రాంతి తీసుకునే ఈ నెలలు ఆ నొటేషన్ నేర్చుకోవడానికి అన్నిటికంటే మంచి సమయం. ట్రినిటీ కాలేజ్ లండన్ సంగీత గ్రేడు పరీక్షల పాఠ్యక్రమాన్ని దగ్గర పెట్టుకుంటే ఏది తరువాత ఏది అన్నది స్పష్టంగా ఉంటుంది.

చదువు మాత్రం ఆగకూడదు. అగ్నివీర్ సేవ నాలుగేళ్లే, ఆ తరువాత గరిష్ఠంగా నాలుగో వంతు మందినే కొనసాగిస్తారు. కాబట్టి ఇంటర్ పూర్తి చేసి, డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానమైన దోస్త్ ద్వారా నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం కిందనో, పాలమూరు విశ్వవిద్యాలయం కిందనో డిగ్రీలో చేరడం ఉత్తమం. పాలిటెక్నిక్ చెడ్డదని నేను అనడం లేదు. ఇంటర్ చివరి దశలో ఉన్నవాడిని మళ్లీ మూడేళ్ల డిప్లొమా మొదటికి పంపడంలో, అదీ వాద్యం నుంచి తప్పించడానికే పంపడంలో, నాకు లాభం కనిపించడం లేదు.

ఇక రాబోయే మాఘ, ఫాల్గుణ ముహూర్తాలు. ట్రంపెట్ లేకపోతే మేళానికి లోటని, ఆదాయం తగ్గుతుందని నాకు తెలుసు. ఈ ఒక్క సీజన్‌కు బయటి నుంచి ట్రంపెట్ మనిషిని పిలిపించుకొని, అబ్బాయికి సైడ్ డ్రమ్ ఇవ్వండి. వాడు మేళంలోనే ఉంటాడు, లయ నిలుస్తుంది, నలుగురిలో ఉన్నందుకు మనసు కుదుటపడుతుంది, పెదవికి విశ్రాంతి దొరుకుతుంది. ఎవరైనా పెళ్లివారు ఒక్క పాటకైనా ట్రంపెట్ పట్టుకొమ్మని బతిమాలితే, కాదని చెప్పే బాధ్యత వాడి మీద వేయకుండా మీరే తీసుకోండి. ఈ వారంలో దంతవైద్యుని కలిసి, క్యాప్ గురించి ఆయన ఏమన్నారో, వాపు ఎన్ని రోజులకు తగ్గిందో నాకు రాయండి. మొదటి నెల రికార్డింగులు చేతికి వచ్చాక రెండో నెల సాధన ఎలా ఉండాలో చూద్దాం.