మంచు కొండకి కార్లో వెళ్తున్నారా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేము రెండు కుటుంబాలం, రెండు కార్లు. శీతాకాలం సెలవుల్లో స్కీయింగ్‌కి వెళ్దామని ప్లాన్. ఇంటి నుంచి రిసార్ట్‌కి దాదాపు 1,000 కిలోమీటర్లు, మ్యాప్ పదిన్నర గంటలు అంటోంది. మా బావగారేమో తెల్లారుజామున 4 గంటలకి బయల్దేరితే ఒక్క దెబ్బలో వెళ్లిపోవచ్చు అంటున్నారు. నేను మంచులో ఎప్పుడూ డ్రైవ్ చెయ్యలేదు, నాకు మనసొప్పట్లేదు. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ మనసు మాటే వినండి. బావగారికి కోపం వస్తే ఈ పేజీ చూపించండి, తిట్లు మేం తింటాం.

ముందు లెక్క వేద్దాం. మ్యాప్ చెప్పే పదిన్నర గంటలు ఎక్కడా ఆగకుండా నడిపితే. రెండు గంటలకోసారి ఒక పదిహేను నిమిషాలు ఆగాలనేది ఎవరైనా చెప్పేదే, కానీ పిల్లలున్న కారు పదిహేను నిమిషాల్లో మళ్లీ కదిలిన దాఖలా నాకైతే తెలీదు, ఒకడు బాత్రూమ్ నుంచి రాడు, ఇంకొకడికి గ్లోవ్ కనపడదు. ఐదు సార్లు ఆగడం, భోజనం, పెట్రోలు అన్నీ కలిపితే మూడు గంటలు హాంఫట్. అంటే 4 గంటలకి బయల్దేరిన మీరు కొండ మీదకి చేరేది సాయంత్రం ఐదున్నరకి, అదీ ఎక్కడా ట్రాఫిక్ లేకపోతే. శీతాకాలంలో అప్పటికి చీకటి పడిపోతుంది. పగలు ఎండకి కరిగిన మంచు సరిగ్గా ఆ టైంలోనే మళ్లీ గడ్డకట్టి రోడ్డు మీద కంటికి కనపడని గాజు పలకలా తయారవుతుంది. అలాంటి ఘాట్ రోడ్డు మీదకి పదమూడు గంటలుగా రోడ్డు మీదే ఉండి అలిసిపోయిన మనిషి, మంచు అలవాటు లేని మనిషి ఎక్కుతున్నాడన్నమాట. వింటుంటేనే భయమేస్తోంది కదా.

నేను చెప్పేదేంటంటే ఇది 1,000 కిలోమీటర్ల ప్రయాణం అనుకోకండి. 960 కిలోమీటర్ల మామూలు హైవే, చివర 40 కిలోమీటర్ల వేరే ప్రపంచం. ప్లాన్ ఆ 40 దగ్గర మొదలుపెట్టి వెనక్కి వేసుకుంటూ రండి. కొండ ఎక్కడం ఎప్పుడు? పొద్దున తొమ్మిది, పది తర్వాత, అప్పటికి మంచు తీసే బండ్లు ఒకసారి తిరిగి ఉప్పు చల్లి ఉంటాయి, వెలుతురూ ఉంటుంది. అలా కావాలంటే ముందు రోజు రాత్రి కొండ కింద ఏదో ఒక ఊళ్లో పడుకోవాలి. అంతే, మిగతాదంతా దాన్ని బట్టి సర్దుకుంటుంది. ఒక రాత్రి గది అద్దె దండగ అంటారేమో, పర్లేదు, ఆ దండగ పెట్టండి. కునుకు సంగతి కూడా చెప్తా, గంటకి 100 కిలోమీటర్ల స్పీడులో నాలుగు సెకన్లు కళ్లు మూతపడితే కారు 110 మీటర్లు వెళ్లిపోతుంది, డ్రైవర్ లేకుండా.

ఇంకో మాట, శనివారం వెళ్లకండి. యూరప్‌లోని ఆల్ప్స్ కొండల్లో చాలా రిసార్టులు శనివారం నుంచి శనివారానికి లెక్కన అద్దెకిస్తాయి, దాంతో ఎక్కేవాళ్లు దిగేవాళ్లు అందరూ ఒకే రోజు ఒకే రోడ్డు మీద పడతారు. ఫ్రాన్స్‌లో ప్రభుత్వ ట్రాఫిక్ సర్వీసు బిజోన్ ఫ్యూటే ఐతే ఏ రోజు ఎంత రద్దీ ఉంటుందో ముందే ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, నలుపు అని రంగులేసి చెప్పేస్తుంది. నలుపు రోజున ఇంట్లో పడుకోవడమే సుఖం.

మ్యాప్‌ని గుడ్డిగా నమ్మొద్దు కూడా. దగ్గర దారి అని చూపించే కనుమ రోడ్డు శీతాకాలమంతా మూసేసి ఉండొచ్చు, ఫ్రాన్స్‌లో గాలిబియే (2,642 మీటర్లు), ఇటలీలో స్టెల్వియో (2,757 మీటర్లు) అలాంటివే. స్విట్జర్లాండ్‌లో ఫుర్కా కనుమ కూడా మూసేస్తారు, కానీ కింద 15 కిలోమీటర్ల పైచిలుకు రైలు సొరంగం ఉంది, కారుని రైలెక్కించి అవతల దిగొచ్చు, పిల్లలకి స్కీయింగ్ కంటే అదే నచ్చినా ఆశ్చర్యం లేదు. బయల్దేరే ముందు రోజు, ఆ రోజు పొద్దున కూడా, రోడ్డు తెరిచి ఉందో లేదో అక్కడి రోడ్ల శాఖ సైటులో చూసుకోండి.

ప్రశ్న: నాది ఫోర్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ. మంచు టైర్లు, మంచులో జారకుండా టైర్లకి చుట్టే చైన్లు అంటూ ఖర్చు పెట్టించడం షాపుల వాళ్ల వ్యాపారం అని నా ఫ్రెండ్ అంటాడు. నిజమేనా?

జవాబు: మీ ఫ్రెండ్‌ని అడగండి, ఫోర్ వీల్ డ్రైవ్‌కి బ్రేకులు ఎన్ని చక్రాలకి ఉంటాయని. నాలుగుకి. మామూలు చిన్న కారుకి? దానికీ నాలుగుకే. ఫోర్ వీల్ డ్రైవ్ మిమ్మల్ని కదిలిస్తుంది, ఎక్కిస్తుంది, ఆపేది మాత్రం టైరే. ఇంకా చెప్పాలంటే అది సులువుగా ఎక్కేస్తుంది కాబట్టి రోడ్డు ఎంత జారుతోందో డ్రైవర్‌కి తెలీకుండా పోతుంది, తెలిసేది మొదటి దిగుడు మలుపులో. గడ్డకట్టిన రోడ్డు మీద కారు ఆగడానికి పట్టే దూరం పొడి రోడ్డుతో పోలిస్తే పది రెట్ల దాకా పోవచ్చు.

టైర్ విషయం ఏంటంటే వేసవి టైర్ రబ్బరు సుమారు 7 డిగ్రీల కిందకి వెళ్లేసరికి గట్టిపడటం మొదలవుతుంది, పట్టు పోతుంది. శీతాకాలం టైర్ రబ్బరు చలిలో కూడా మెత్తగానే ఉంటుంది, పైగా దాని గాళ్లలో మంచు ఇరుక్కుంటుంది, మంచు మంచుని బాగా పట్టుకుంటుంది కదా, పిల్లలు మంచు ఉండలు చేసేది అందుకే కుదురుతుంది. కొనేటప్పుడు టైర్ పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు బొమ్మ ఉందో లేదో చూడండి. ఒట్టి ఎం ప్లస్ ఎస్ (మడ్ ప్లస్ స్నో, అంటే బురద, మంచు) అని రాసి ఉంటే చాలదు, అది మంచు మీద పరీక్ష పాసైనట్టు కాదు, జర్మనీలో 2024 అక్టోబర్ నుంచి దాన్ని శీతాకాలం టైర్‌గా లెక్కే వెయ్యట్లేదు.

చట్టం సంగతి దేశానికో రకం. ఆస్ట్రియాలో నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 15 దాకా రోడ్డు మీద మంచు ఉంటే శీతాకాలం టైర్లు తప్పనిసరి, వాటి గాళ్లు కనీసం 4 మిల్లీమీటర్ల లోతుండాలి. ఫ్రాన్స్ కొండ ప్రాంతాల్లో 2021 నుంచి ఏటా నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా శీతాకాలం టైర్లైనా ఉండాలి, లేదా కారులో చైన్లో, టైర్లకి తొడిగే గుడ్డ తొడుగులో అయినా ఉండాలి. మీరు వెళ్లే దారిలో ఎన్ని దేశాలు, ఎన్ని రాష్ట్రాలు తగిలితే అన్నింటి రూల్సూ చూసుకోండి, చేరే చోటు ఒక్కటీ చూస్తే చాలదు. అద్దె కారైతే చైన్లు వెయ్యనిస్తారా లేదా అన్నది కూడా కాగితం మీద చదవండి.

చైన్ల దగ్గర నా పరువు పోయిన కథ చెప్తా. మొదటిసారి వెళ్లినప్పుడు చైన్ల పెట్టె సీలు కూడా తియ్యకుండా డిక్కీలో పడేశాను, అవసరమైనప్పుడు చూస్కుందాంలే అని. అవసరం సాయంత్రం ఆరింటికి వచ్చింది, ఏటవాలు రోడ్డు మీద, ఒకటే మంచు కురుస్తోంది, చేతులు మొద్దుబారిపోయాయి, సెల్‌ఫోన్ లైటు నోట్లో పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని గంట సేపు కుస్తీ పట్టాక అర్థమైంది అవి నా టైర్ సైజువి కావని. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, అందుకే టైర్ పక్కన 205/55 ఆర్16 లాంటి నంబరు ఉంటుంది, అది చూసి కొనండి, ఇంటి ముందు పొడి నేల మీద రెండు సార్లు వేసి తియ్యండి, రెండోసారి గ్లోవ్స్ వేసుకుని. కొన్ని కార్లకి చక్రానికీ లోపలి భాగాలకీ మధ్య చైన్ పట్టే సందే ఉండదు, మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఏ చక్రాలకి ఇంజిన్ శక్తి వెళ్తుందో వాటికే వెయ్యాలి, ఫోర్ వీల్ ఐతే మాన్యువల్ ఏది చెప్తే అది. ఏటవాలు మొదలవకముందే, చదునుగా ఉన్నచోట పక్కకి ఆపి వెయ్యాలి. వేశాక సాధారణంగా 50 దాటకూడదు, మంచు అయిపోయి తారు కనపడగానే తీసెయ్యాలి, లేకపోతే చైనూ పోతుంది టైరూ పోతుంది.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారుతో వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు, కాకపోతే కంపెనీ చెప్పిన రేంజ్‌ని, అంటే ఒకసారి ఛార్జ్ చేస్తే వెళ్లే దూరాన్ని, మర్చిపోండి. అమెరికా వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2019లో చేసిన పరీక్షలో సుమారు మైనస్ 7 డిగ్రీల దగ్గర హీటర్ వేసుకుని నడిపితే సగటున 41 శాతం రేంజ్ తగ్గింది. దానికి తోడు ఎక్కుడు. రెండు టన్నుల కారుని 1,500 మీటర్లు పైకి లేపడానికే 8 యూనిట్ల కరెంటు కావాలి, హీటరు, గాలి, మిగతా ఖర్చు వేరే. కాబట్టి ఆఖరి ఛార్జింగ్ కొండ కిందే. ఛార్జర్ తీసే ముందే, అది పెట్టి ఉండగానే, కారు లోపల వెచ్చబెట్టుకోండి. పైన మాత్రం దిగే ముందు నూటికి నూరు నింపకండి, బ్యాటరీ నిండుగా ఉంటే దిగుడులో తిరిగొచ్చే కరెంటుకి చోటుండదు, కారు తనంతట తను నెమ్మదించడం తగ్గిపోయి భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది.

ప్రశ్న: మాది డీజిల్ బండి. చలికి డీజిల్ గడ్డకడుతుందంటారు, నిజమా?

జవాబు: నిజమే. డీజిల్‌లో మైనం లాంటి పదార్థం ఉంటుంది, బాగా చలేస్తే అది గడ్డకట్టి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. చలి దేశాల బంకుల్లో శీతాకాలం డీజిల్ వేరే అమ్ముతారు. వెచ్చని ఊళ్లో ఫుల్ ట్యాంక్ కొట్టించకుండా కొండ దగ్గరకొచ్చాక నింపుకోండి. పెట్రోల్ కారుకి ఈ బాధ లేదు. అద్దం కడిగే నీళ్లు మాత్రం ఎవరికైనా గడ్డకడతాయి, మైనస్ 20 దాకా తట్టుకునే ద్రవం పోయించండి. పాత బ్యాటరీ ఉంటే ఇంటి దగ్గరే మార్చేయండి, సున్నా డిగ్రీల దగ్గరే మూడో వంతు శక్తి పోతుంది దానికి. టైర్లలో గాలి కూడా చలికి తగ్గుతుంది, ఐదారు డిగ్రీలకి ఒక పిఎస్ఐ (టైర్ గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) చొప్పున, అందుకే పైకి చేరాక మర్నాడు పొద్దున చూసుకోండి.

ప్రశ్న: నాలుగేళ్ల పాప, ఏడేళ్ల బాబు. ఘాట్ రోడ్డులో వాంతులు చేస్కుంటారు. చలికి దళసరి జాకెట్లు వేసే కూర్చోబెట్టొచ్చా?

జవాబు: జాకెట్లు వద్దు. ఉబ్బుగా ఉండే జాకెట్ మీద బెల్టు బిగించినట్టే కనపడుతుంది, గుద్దుకున్నప్పుడు ఆ ఉబ్బంతా అణిగిపోయి బెల్టు వదులైపోతుంది, పిల్ల అందులోంచి జారిపోవచ్చు. పలచని స్వెటర్‌తో బెల్టు పెట్టి, పైన జాకెట్‌ని దుప్పటిలా కప్పండి. పెద్దవాళ్లకీ ఇదే. వాంతులకి, మలుపులు మొదలయ్యే ముందే ట్యాబ్‌లు లాక్కోండి, దూరంగా కొండల్ని చూడమనండి, కిటికీ కాస్త దించండి. డ్రైవర్ మెత్తగా నడిపితే సగం వాంతులు ఉండవు, ఇది మా ఆవిడ మాట, ఎవరిని ఉద్దేశించి అందో వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: సొంత స్కీలు పైన కట్టుకెళ్లొచ్చా, లోపల పెట్టాలా?

జవాబు: లోపల పెడితే గట్టిగా కట్టాలి, బ్రేకు వేస్తే బల్లేలై ముందుకొస్తాయి. పైన ఐతే కొనలు వెనక్కి తిరిగి ఉండాలి. రూఫ్ బాక్స్‌తో కలిపి కారు పైకప్పు మొయ్యగలిగే బరువు చాలా కార్లకి 75 కిలోల దగ్గరే, మాన్యువల్ చూడండి. బాక్స్ ఉందని మర్చిపోయి సెల్లార్ పార్కింగ్‌లోకి దూరకండి. స్కీ బూట్లు మాత్రం రాత్రి కార్లో వదలొద్దు, చలికి ప్లాస్టిక్ బిగుసుకుపోయి పొద్దున కాలు దూరదు.

ప్రశ్న: మంచు తుఫాన్‌లో రోడ్డు మీద ఇరుక్కుపోతే?

జవాబు: కారు వదిలి నడవకండి, కనుచూపు మేరలో ఇల్లు ఉంటే తప్ప. దుప్పట్లు, మంచినీళ్లు, తినడానికి ఏదైనా, పార, టార్చి, ఫోన్ ఛార్జర్, ఇవి డిక్కీలో కాదు చేతికందేలా ఉండాలి. వెచ్చదనం కోసం ఇంజిన్ ఆన్ చేసే ముందు ప్రతిసారీ దిగి వెనక పొగగొట్టం చుట్టూ మంచు తీసెయ్యండి. అది మూసుకుపోతే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది, నిద్రలోనే ప్రాణం పోతుంది. గంటకి ఓ పది నిమిషాలు నడిపి ఆపెయ్యండి, కిటికీ ఒక వేలంత దించి ఉంచండి. ట్యాంకు ఎప్పుడూ సగానికి తగ్గనివ్వొద్దు అనేది అందుకే.

చివరగా బావగారి కోసం ఒకటి, పైకి చేరాక రాత్రి హ్యాండ్ బ్రేక్ లాగి పడుకుంటే పొద్దునకి అది గడ్డకట్టి వదలకపోవచ్చు. చదునైన చోట గేర్‌లో పెట్టి, చక్రాలకి రాయో చెక్కో అడ్డం పెట్టి, వైపర్లు అద్దానికి అంటుకోకుండా పైకెత్తి వెళ్లండి.